దాచిందెంత? వాడేదెంత?

ఇల్లు మారేవాళ్లకు అసలు సంగతి ప్యాకర్స్ మనిషి వచ్చినప్పుడు తెలుస్తుంది. ‘రెండు బెడ్రూముల ఇల్లండీ, పెద్దగా సామానేం లేదు’ అని ఫోన్లో చెప్పి ఉంటారు. అతను వచ్చి హాలూ వంటిల్లూ చూసి, ఆ తర్వాత తలెత్తి అటక వంక చూస్తాడు. ‘పైన కూడా ఉందా సార్?’ అంటూ బాల్కనీ తలుపు తీస్తాడు, మంచాల కింద సెల్‌ఫోను లైటు వేస్తాడు, చిన్న బండి చాలదు పెద్దది కావాలంటాడు. రేటు పెరుగుతుంది. సర్దడం మొదలయ్యాక ఒక్కొక్కటే బయటపడతాయి. మూత లేని ప్రెషర్ కుక్కరు, చెడిపోయిన రెండు మిక్సీలు, ఎప్పుడో అమ్మేసిన టీవీ తాలూకు అట్టపెట్టె, ఇంజినీరింగులో చేరిన పిల్లాడి మూడు చక్రాల సైకిలు, పెరుగు బకెట్లు, ఏ ఫోనుకు పనికొస్తాయో తెలియని చార్జర్లు. అవన్నీ బండెక్కి వెళ్లి కొత్తింటి అటక మీదికి చేరతాయి. కట్టిన తాడు కూడా విప్పరు.

పొదుపుగా బతకాలనుకునే ఇళ్లలోనే ఇది ఎక్కువ. ‘ఎప్పుడైనా పనికొస్తుంది’ అన్న మాట మీద నడిచిన సంసారాలవి. ఆ మాటను తీసిపారేయడానికి లేదు. కరువు చూసినవాళ్లు, ఒక్క జీతంతో నలుగురు పిల్లల్ని చదివించినవాళ్లు అన్న మాట అది. కాకపోతే కొనడానికి ఎంత అయిందో గుర్తుపెట్టుకున్నవాళ్లు, దాచడానికి ఎంత అవుతోందో లెక్కేసుకోరు.

లెక్క వేయడం కష్టమేం కాదు. హైదరాబాద్‌లో 1200 చదరపు అడుగుల ఫ్లాటుకు నెలకు 30 వేలు అద్దె కడుతున్నారనుకుందాం. అంటే చదరపు అడుగుకు 25 రూపాయలు. పది బై పది గది ఒకటి పాత సామానుతో నిండిపోయి తలుపు మూసే ఉంటే, ఆ 100 చదరపు అడుగుల కోసం నెలకు 2500, ఏడాదికి 30 వేలు కడుతున్నట్టు. లోపలున్నదంతా పాత సామాన్లవాళ్లకు తూకానికి వేస్తే అందులో పదో వంతు వస్తుందా అన్నది అనుమానమే. సొంతిల్లయితే అద్దె ఉండదు గానీ, ఆ గదికీ బ్యాంకు అప్పు తెచ్చే ఉంటారు.

రెండో ఖర్చు ఇంతకన్నా కనపడనిది. ఎక్కడుందో తెలియని వస్తువు ఇంట్లో ఉన్నా లేనట్టే. టేపు దొరకదు, కొంటారు. ఎక్స్‌టెన్షన్ బాక్సు దొరకదు, కొంటారు. వంటింట్లో ఇది మరీ ఎక్కువ. శనగపప్పు డబ్బా వెనక పోయిన నెల తెచ్చిన అరకిలో పొట్లం, దాని వెనక సగం వాడి రబ్బరు బ్యాండు వేసిన ఇంకో పొట్లం, అందులో పురుగు. అందుకే సర్దడం వంటింటితో మొదలుపెట్టడం మంచిది. ఒక ఆదివారం పూట అలమారాలోని సరుకులన్నీ కింద దించి చూస్తే, ఆ నెల సరుకుల చీటీ దానంతటదే చిన్నదవుతుంది. డబ్బు మిగిలినట్టు కళ్లముందు కనపడితే మిగతా గదుల జోలికి వెళ్లడానికి ఓపిక వస్తుంది.

తిరిగే సామాను, తిరగని సామాను

అమ్మమ్మలు, నాయనమ్మలు ఏదీ పారేసేవాళ్లు కాదు కదా, మరి వాళ్ల ఇళ్లు ఎందుకిలా నిండిపోలేదు? వాళ్ల ఇళ్లలో వస్తువు ఒకచోట ఆగేది కాదు కాబట్టి. వాళ్ల పొదుపంతా తిప్పడంలోనే ఉంది.

నేతచీర ఒకటి తీసుకుంటే, కట్టుకున్నన్నాళ్లు కట్టుకున్నాక అది ఇంట్లో చంటిపిల్లకు ఉయ్యాల అయ్యేది. ఉతికి ఉతికి మెత్తబడిన నేత పసివాళ్ల ఒంటిని ఒరుసుకోదని పొత్తిగుడ్డలకు చింపేవారు. నాలుగైదు చీరలు పోగయ్యాక ఎండాకాలం మధ్యాహ్నాలు అరుగు మీద పొరలు పొరలుగా పరిచి, బారు కుట్లతో బొంత కుట్టేవారు. తాతగారి పాత పంచె డాబా మీద పరిస్తే దాని మీద వడియాలు పెట్టేవారు. ఎండాక గుడ్డ వెనకవైపు నీళ్లు చిలకరించి ఒలిస్తే వడియం విరగకుండా ఊడొచ్చేది. అదే పంచె కొన్నాళ్లకు పొయ్యి మీది గిన్నె దించే మసిగుడ్డ, ఆ తర్వాత నేల తుడిచే గుడ్డ. అంతటితో దాని పని అయిపోయేది, దాచడానికి ఏమీ మిగిలేది కాదు.

లోహానిదీ అదే దారి. బిందెకు చిల్లి పడితే మాటు వేయించేవారు. ఇత్తడి గిన్నె లోపలి పూత పోతే కళాయి వేసేవాడు వీధిలో చిన్న కొలిమి పెట్టి, గిన్నెను కాల్చి, తగరం కరిగించి, నవాసారం చల్లి గుడ్డతో రుద్ది తెల్లగా మెరిపించి ఇచ్చేవాడు. ఇక బాగుపడదంటే తూకానికి వేసి కొత్తది తెచ్చుకునేవారు. పెళ్లివంటల గుండిగలు, గంగాళాలు ఊళ్లో ఏ రెండు మూడు ఇళ్లలోనో ఉండేవి. ఎవరింట శుభకార్యమైనా అవే వెళ్లేవి, తోమించుకుని తిరిగొచ్చేవి. ఈ తిరుగుడు ఇప్పటికీ చక్కగా సాగుతోందంటే అది పేరంటాల్లోనే. శ్రావణ శుక్రవారం తాంబూలంలో ఒక ఇంటికి వచ్చిన జాకెట్ ముక్క అట్లతద్దికి ఇంకో ఇంటికి, సంక్రాంతికి మరో ఇంటికి వెళుతుంది. ఎవరికీ బరువు కాదు, ఎవరి మర్యాదా తగ్గదు.

ఇవాళ ఇళ్లను నింపుతున్నది తిరగని సామాను. టేకు మంచం పాతబడితే వడ్రంగి చేతిలో బల్ల అవుతుంది. పొట్టుచెక్కతో చేసిన అలమారా తడిస్తే ఉబ్బిపోతుంది, దాంతో వడ్రంగి కూడా ఏమీ చేయలేడు. చవక మిక్సీ బాగుచేయించడానికి అయ్యే ఖర్చుకు కొంచెం కలిపితే కొత్తదే వస్తుంది. ప్లాస్టిక్ డబ్బాకు తూకంలో పెద్దగా విలువ లేదు. కొనేటప్పుడు ధర తక్కువే, కానీ వాడకం అయిపోయాక అడుగు ముందుకు వేయవు. పారేయడానికి మనసొప్పదు, వాడటానికి పనికిరావు. అటక మీదికి చేరేవి ఎక్కువగా ఇవే.

లాస్ ఏంజెలెస్ గ్యారేజీలు

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2001 నుంచి 2005 వరకు లాస్ ఏంజెలెస్‌లో 32 మధ్యతరగతి కుటుంబాల ఇళ్లకు వెళ్లి, ఉన్న వస్తువులను ఫొటోలు తీసి లెక్కపెట్టారు. మొదటి ఇంట్లో మూడు గదుల్లోనే పైకి కనిపించే వస్తువులు 2260 తేలాయి. అల్మరాల్లో, సొరుగుల్లో ఉన్నవి అందులో కలపలేదు. నాలుగింట మూడు వంతుల గ్యారేజీల్లో సామాను నిండిపోయి కారుకు చోటే లేదు. 2012లో ఆ వివరాలు పుస్తకంగా వచ్చాయి. ఆ కుటుంబాల మీదే చేసిన మరో పరిశీలన ఇంకా ఆలోచింపజేస్తుంది. తమ ఇల్లు చిందరవందరగా ఉందని చెప్పుకున్న తల్లుల్లో, ఒత్తిడికి సంబంధించిన కార్టిసాల్ హార్మోను పొద్దున్నుంచి సాయంత్రానికి తగ్గాల్సినంతగా తగ్గడం లేదని తేలింది. అమెరికాలో స్థిరపడ్డ తెలుగువాళ్లకు సామానుతో నిండిన గ్యారేజీ కొత్త సంగతేం కాదు.

జపాన్‌కు చెందిన మరీ కోండో పుస్తకం 2014లో ఇంగ్లిషులోకి వచ్చి, 2019లో నెట్‌ఫ్లిక్స్ కార్యక్రమంగా మారి ఇల్లు సర్దుకోవడాన్ని ప్రపంచమంతా మాట్లాడుకునేలా చేసింది. ఒక్కో వస్తువునూ చేతిలోకి తీసుకుని, అది మనసుకు సంతోషం ఇస్తోందా అని చూసుకోమంటారామె. చీరల బీరువా దగ్గర ఆ కొలత పనికొస్తుందేమో గానీ, తెలుగింటి అటక దగ్గర సరిపోదు. అక్కడ వేరే కొలత కావాలి. ఏడాదికి ఒక్కసారైనా ఇది తప్పకుండా కిందికి దిగుతోందా అన్నది చూసుకోవాలి. కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలున్న పెట్టె బొమ్మల కొలువుకు దిగుతుంది. ఆవకాయ జాడీ ఎండాకాలం దిగుతుంది. చుట్టాలొస్తే మడతమంచం దిగుతుంది. ఇవి ఎంత చోటు ఆక్రమించినా ఉండాల్సినవే. అయిదేళ్లుగా దిగని మూట గురించే ఆలోచించాలి.

సర్దుదామనే ఉత్సాహంలో ముందు బజారుకెళ్లి బుట్టలు, గాజు సీసాలు, సొరుగుల సెట్లు కొనేవాళ్లు చాలామంది. ఉన్నది తగ్గించకుండా అవి కొంటే సామాను ఇంకాస్త పెరుగుతుంది, అంతే. ఉన్నవాటిలో అనవసరమైనవి పోయాక మిగిలిన డబ్బాలే సరిపోతాయి.

ఎవరి సామాను?

స్టీలు గిన్నె అంచు తిప్పి చూస్తే చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలు కనపడతాయి. ఇచ్చినవాళ్ల పేరు, పుచ్చుకున్నవాళ్ల పేరు, గృహప్రవేశమో పెళ్లో, తేదీ. చాలామంది ఇల్లాళ్లకు పుట్టింటి నుంచి తమదంటూ వచ్చిన ఆస్తి ఆ సామానే. చదువుకుని ఉద్యోగాలు చేస్తున్న పిల్లలు సెలవులకు వచ్చి రెండు రోజుల్లో ఇల్లు ఖాళీ చేయిస్తామంటే ఆ తల్లికి కోపం రావడం న్యాయమే. పక్కవాళ్ల వస్తువు మీద చెయ్యి వేయకూడదన్నది ఈ పనిలో మొదటి నియమం కావాలి. ఎవరి అలమారా వాళ్లే ఖాళీ చేసుకోవాలి. పెద్దవాళ్లతో కూర్చుని ఒక్కో గిన్నె కథా వింటూ, ఏది ఎవరికి ఇవ్వాలో వాళ్లనే చెప్పమంటే పని మెల్లగా సాగినా సవ్యంగా సాగుతుంది. మనవరాలి కొత్త కాపురానికి వెళ్లే ఇత్తడి పళ్లెం గురించి ఏ నాయనమ్మా బాధపడదు.

ఎక్కడికి పంపాలి?

హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆదివారం సంత, పురానాపూల్ వైపు జుమ్మేరాత్ బజార్ పాత వస్తువుల మీదే బతుకుతున్నాయి. స్క్రూడ్రైవర్ల నుంచి సోఫాల దాకా అక్కడ మళ్లీ అమ్ముడుపోతాయి. పుస్తకాలైతే ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్, విజయవాడలో లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాలు ఉన్నాయి. కాగితం తూకానికి వేయడం కన్నా ఇంకో పాఠకుడి చేతికి పంపడం ఎంతో మేలు. గుంటూరు జిల్లాలో మొదలైన స్వచ్ఛ రథం పల్లెల్లో గడప దగ్గరికే వచ్చి పొడి చెత్త తీసుకుని బదులుగా సరుకులు ఇస్తోంది. పాత బట్టలకు స్టీలు సామాన్లిచ్చే ఆడవాళ్లు ఎన్నో ఏళ్లుగా చేస్తున్న పనే ఇది.

బట్టల విషయంలో, వాడిన బట్టలు సేకరించి అవసరమైనవాళ్లకు చేర్చే గూంజ్ సంస్థ అనుభవం తెలుసుకోదగ్గది. 1999లో అన్షు గుప్తా దంపతులు తమ ఇంటి బీరువాలోంచి తీసిన 67 బట్టలతో అది మొదలైంది. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో దాతలు పంపిన బట్టలు పనికిరాక రోడ్ల పక్కన కుప్పలుగా పడి ఉంటే, లక్షల సంఖ్యలో వాటిని ఏరి, బాగుచేసి వాడకంలోకి తెచ్చింది. చిరిగినవి, మరకలు పడినవి దానం పేరుతో పంపితే అవి పుచ్చుకునేవాళ్ల నెత్తిన భారమవుతాయని ఆ కుప్పలు చూపించాయి. ఉతికి, గుండీలు కుట్టి, మడతపెట్టి ఇవ్వడం ఇచ్చేవాళ్ల బాధ్యత. అన్షు గుప్తాకు 2015లో రామన్ మెగసెసే పురస్కారం దక్కింది.

ఎలక్ట్రానిక్ సామానును చెత్తబండిలో వేయకూడదు. డబ్బా టీవీల గాజులో సీసం ఉంటుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం పాత పరికరాలను రీసైక్లింగ్‌కు చేర్చే బాధ్యత తయారీ సంస్థల మీద ఉంది. కాబట్టి వస్తువు తయారుచేసిన కంపెనీనే అడగొచ్చు. ‘నీళ్ల సీసాలకు ఉంటుందిలే’ అని పాత ఫ్రిజ్‌ను రెండోదిగా నడిపే ఇళ్లు ఒకసారి కరెంటు బిల్లు చూసుకోవాలి. అది పగలూ రాత్రీ నడిచే యంత్రం. పాత సామానును భోగి మంటల్లో వేసేద్దామనుకునేవాళ్లకు ఒక్కటే మనవి. కర్రలూ పిడకలూ కాల్చిన మంట వేరు, ప్లాస్టిక్ కుర్చీలు, టైర్లు, ఫోము పరుపులు కాల్చిన మంట వేరు. ఆ పొగ పీల్చేది చుట్టూ నిలబడ్డ పిల్లలే.

ప్రభుత్వ కార్యాలయాలు కూడా ఈ పని మొదలుపెట్టాయి. 2021 నుంచి ఏటా అక్టోబరులో కేంద్రప్రభుత్వ శాఖలు పాత ఫైళ్లు, విరిగిన కుర్చీలు, పనిచేయని కంప్యూటర్లు వదిలించుకుంటున్నాయి. 2024 నాటికి ఆ తుక్కు అమ్మకం మీద వచ్చింది 2300 కోట్ల రూపాయల పైమాటే.

మళ్లీ నిండకుండా

ఒకసారి ఖాళీ చేసిన అటక ఏడాదిలో మళ్లీ నిండిపోవడానికి కారణం గుమ్మం దగ్గర ఉంటుంది. పండగ ఆఫర్లు, ఒకటి కొంటే ఒకటి ఉచితాలు, పుట్టినరోజుల రిటర్న్ గిఫ్టులు. వీటికన్నా పెద్ద కారణం ఇంకొకటుంది. ఏడాదికోసారి అవసరమయ్యే ప్రతి వస్తువూ ప్రతి ఇంట్లోనూ ఉండాలనుకోవడం. పాతిక ఫ్లాట్ల అపార్టుమెంటులో పాతిక డ్రిల్లింగ్ మిషన్లు, పాతిక నిచ్చెనలు, పాతిక పెద్ద కుక్కర్లు ఎందుకు?

దీనికి సిద్దిపేట జిల్లా పల్లెలు మంచి దారి చూపించాయి. విందుల్లో ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు మానిపించడానికి అక్కడ స్టీలు బ్యాంకులు పెట్టారు. పళ్లేలు, గ్లాసులు, గిన్నెలు ఊరుమ్మడిగా ఉంటాయి. మహిళా సంఘాలు వాటిని అద్దెకిచ్చి, లెక్క చూసుకుంటాయి. వెనకటి ఊళ్లో గుండిగలు తిరిగినట్టే ఇవీ తిరుగుతాయి, పైగా ఆ అద్దె సంఘానికే చేరుతుంది. ఇదే పని పట్నంలోని ఏ అపార్టుమెంటు సంఘమైనా చేయవచ్చు. అందుకు కావాల్సింది సెల్లార్లో తాళం వేసే ఒక బీరువా, ఎవరు ఏం తీసుకెళ్లారో రాసుకునే ఒక నోటుపుస్తకం.