ఒక ఇల్లు, రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు

హైదరాబాదు నుండి బెంగుళూరు వైపు సాగే రహదారి మీద ఆరాంఘర్, గగన్‌పహాడ్ దాటిన పిమ్మట, శంషాబాదుకు ముందుగా వచ్చే ఊరు సాతంరాయి. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయం నుండి రాకపోకలు ప్రారంభమైన నాటి నుండి ఈ ప్రాంతపు రూపురేఖలు మారిపోయినవి. 2022 మార్చిలో మైక్రోసాఫ్టు సంస్థ హైదరాబాదు ప్రాంతంలో బృహత్తరమైన డేటా కేంద్రాలను నెలకొల్పనున్నట్లు ప్రకటించినది. దేశదేశాల సమాచారానికి కొఠారుగా మారుతున్న ఇటువంటి సీమలో నివసిస్తూ, మా ఇంటి కింది గదిలోని కంప్యూటరుకూ మేడ మీది కంప్యూటరుకూ మధ్య ఒక్క కాగితం నడిపించలేక మేము పదకొండు దినాలు అవస్థ పడ్డామంటే పాఠకులు నవ్వుకొనవచ్చును. నవ్వినను ఫరవా లేదు. ఆ పదకొండు దినాలలో నేర్చుకొన్నది మన విద్యార్థులకూ, కళాశాల కమిటీ పెద్దలకూ పనికివచ్చునని తోచి ఈ వ్యాసానికి పూనుకొన్నాము.

ముందుగా ఇంటి పరిస్థితి చెప్పవలె. కింది అంతస్తులో మా చదువు గది. అందులో ఒక కంప్యూటరు, దానికి తీగతో తగిలించిన ప్రింటరు. మేడ మీద మా అన్నగారి కుటుంబం, వారి అమ్మాయికి ఒక ల్యాప్‌టాప్. ఇంటికి ఇంటర్నెట్ తెచ్చే రూటరు కిందనే ఉన్నది. దాని వై-ఫై మేడ గదులకు అందడం లేదని అన్నగారు బజారు నుండి మరొక రూటరు తెచ్చి, కింది రూటరు నుండి తీగ లాగి పైన అమర్చారు. ఇంటర్నెట్ చక్కగా వచ్చినది. అందరూ సంతోషించారు. చిక్కు అక్కడే దాగి ఉన్నదని ఎవరికీ తట్టలేదు.

ఒకనాటి రాత్రి అమ్మాయి కిందికి వచ్చి, “చాచా, నా ల్యాప్‌టాప్‌లో మీ ప్రింటరు కనబడటం లేదు. ఉపకార వేతనం దరఖాస్తు ప్రతి రేపు కాలేజీలో ఇవ్వాలి” అన్నది. ఆ రాత్రికి పెన్‌డ్రైవులో తెచ్చి ముద్రించి ఇచ్చాము. కాని ఒకే ఇంటిలో ఇది ఎందుకు కుదరదన్న పంతం మాకు పట్టినది. ఎవరెవరో చెప్పిన చిట్కాలన్నీ ప్రయోగించాము. ఫైర్‌వాల్ ఆర్పివేశాము. రహస్యపదం అడగవద్దని మార్చాము. పత్రాలున్న డిస్కు మొత్తాన్ని ‘అందరికీ, సర్వ హక్కులతో’ అని తెరిచి పెట్టాము. ఐనను పై కంప్యూటరులో ఏమీ కనబడలేదు. విసిగి పడుకొన్నాము. తీసిన గడియలు తిరిగి వేయడం మాత్రం మరచిపోయాము. ఆ సంగతి మరల చెప్పుకొందాము.

అసలు ఈ పంపకం ఎట్లు జరుగుతుంది? ఒక కంప్యూటరు గృహస్థు వలె తన వాకిట నిలిచి, “నా వద్ద ఈ ఫోల్డరు ఉన్నది, ఈ ప్రింటరు ఉన్నది” అని ప్రకటిస్తుంది. రెండవది అతిథి వలె వచ్చి తలుపు తట్టి, తాను ఎవరో చెప్పి, కావలసినది అడుగుతుంది. ఈ అడుగుటకూ ఇచ్చుటకూ ఒక మర్యాద ఏర్పడి ఉన్నది. దానికి సర్వర్ మెసేజ్ బ్లాక్ అని పేరు. పొట్టిగా ఎస్ఎంబి అంటారు. 1980ల తొలి సంవత్సరాలలో ఐబిఎం సంస్థలో బ్యారీ ఫైగెన్‌బామ్ అనే ఇంజనీరు దీనిని రూపొందించాడు. మైక్రోసాఫ్టు దీనిని స్వీకరించి పెంచినది. 1992 అక్టోబరులో వచ్చిన ‘విండోస్ ఫర్ వర్క్‌గ్రూప్స్’తో సామాన్యుల కంప్యూటర్లకు ఈ సౌకర్యం దక్కినది. అదే కాలంలో ఆస్ట్రేలియాకు చెందిన ఆండ్రూ ట్రిడ్జెల్ ఇదే భాషను ఇతర జాతి కంప్యూటర్లకు నేర్పే సాఫ్ట్‌వేరు రచించాడు. ఎస్, ఎం, బి అక్షరాలు వరుసగా వచ్చే మాట కోసం నిఘంటువు గాలించి దానికి ‘సాంబా’ అని పేరు పెట్టాడు. (భాషా బోధకులము గనుక ఈ ముచ్చట విడిచిపెట్టలేకపోయాము.)

అతిథి తలుపు దాకా వచ్చి వస్తువు తీసుకొని పోవాలంటే దారి ఉండాలి, ఇల్లు గుర్తు తెలియాలి, తలుపు తెరవాలి, అతడిని నమ్మాలి. వీటిలో ఏది తప్పినా తెర మీద కనబడేది ఒక్కటే: పని కాలేదని. అందుచేతనే మనం దారిలో ఉన్న లోపానికి తాళం బద్దలు కొడతాము. మేము చేసినది సరిగ్గా అదే.

దారి సంగతి మొదట చూడవలె. ప్రతి కంప్యూటరుకూ రూటరు ఒక అంకెల చిరునామా ఇస్తుంది. విండోస్‌లో కమాండ్ ప్రాంప్టు తెరచి, ఇంగ్లీషు అక్షరాలలో ‘ఐపికాన్ఫిగ్’ అని కొడితే అది కనబడుతుంది. మా కింది కంప్యూటరు చిరునామా 192.168.1.5, మేడ మీది దానిది 192.168.0.7. మామూలు ఇళ్లలో మొదటి మూడు సంఖ్యలు ఒకటిగా ఉంటేనే రెండూ ఒకే వీధిలో ఉన్నట్లు. ఇక్కడ మూడవ సంఖ్య వేరు. అనగా అన్నగారు తెచ్చిన రూటరు మేడ మీద తనదంటూ వేరొక వీధి కట్టుకొన్నది! ఇంటర్నెట్‌కు పోవడానికి రెండు వీధులకూ ద్వారం ఉన్నది గనుక ఎవరికీ అనుమానం కలగలేదు.

విచిత్రమేమంటే ఈ ఏర్పాటులో దారి ఒకవైపే ఉంటుంది. పై కంప్యూటరు నుండి కింది దానిని అంకెల చిరునామాతో పిలిస్తే తెరుచుకొన్నది. కింది నుండి పై దానిని పిలిస్తే అసలు పలకలేదు. పై రూటరు తన వెనుక నున్న వారిని బయటకు పోనిస్తుంది గాని, బయటి వారిని పిలవకుండా లోనికి రానీయదు. ఈ ఏకపక్ష ప్రవర్తనే మాకు ఆచూకీ ఇచ్చినది. పదకొండవ దినాన పై రూటరు అమరికలలోకి పోయి దానిని ‘యాక్సెస్ పాయింట్’ పద్ధతికి మార్చాము. అప్పటి నుండి అది చిరునామాలు పంచే పెత్తనం మాని, కింది రూటరు వై-ఫైని మేడకు అందించే పని మాత్రమే చేస్తున్నది. రెండు కంప్యూటర్లూ 192.168.1 వీధికి చేరుకొన్నవి. చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెతికినట్లైనది మా పని.

చిరునామా 169.254తో మొదలైతే రూటరు నుండి ఆ కంప్యూటరుకు చిరునామాయే అందలేదని అర్థం. ‘గెస్ట్ వై-ఫై’లో చేరిన కంప్యూటరుకు ఇంటర్నెట్ తప్ప ఇంటిలోని తక్కిన కంప్యూటర్లు సాధారణంగా కనబడవు, అది అందుకే ఏర్పడినది.

ఇక పేరు. నెట్‌వర్కు జాబితాలో పొరుగు కంప్యూటరు పేరు లేదని చాలమంది ఆశ వదులుకొంటారు. జాబితాలో పేరు కనబడటం వేరు, దారి ఉండటం వేరు. వెనుకకు వాలిన గీతలు రెండు పెట్టి, వాటి పక్కన అంకెల చిరునామా కొట్టి చూడండి. తెరుచుకొంటే లోపం పేరులోనే ఉన్నదని తేలుతుంది. అప్పుడు రెండు కంప్యూటర్లలోను ‘నెట్‌వర్కు డిస్కవరీ’ పని చేస్తున్నదా అని చూస్తే చాలును.

తలుపు విషయంలో విండోస్ ఒక ప్రశ్న అడుగుతుంది: ఈ నెట్‌వర్కు ‘పబ్లిక్’ అనుకోమంటారా, ‘ప్రైవేటు’ అనుకోమంటారా? పబ్లిక్ అన్నచోట పంపకపు తలుపులు మూసి ఉంటాయి. మన విద్యార్థులు ల్యాప్‌టాప్‌ను ఇంటిలోనూ, హాస్టలులోనూ, విమానాశ్రయంలో చుట్టాలను సాగనంపుతూ అక్కడి వై-ఫైలోనూ వాడుతూ ఉంటారు. ఇంటి నెట్‌వర్కుకు ప్రైవేటు, తక్కిన అన్నిటికీ పబ్లిక్ అని ఉంచితే, ఫైర్‌వాల్‌ను ముట్టుకొనే అవసరమే రాదు. అది ఇంటిలో తెరచి, బజారులో మూసే తలుపు. దానిని ఆర్పివేయడమంటే తలుపు పెరికివేయడమే.

తాళం చెవి దగ్గర ఎక్కువమంది బోల్తా పడతారు. కంప్యూటరు ముందు కూర్చొని మనం కొట్టే నాలుగంకెల పిన్ పొరుగు కంప్యూటరు నుండి చెల్లదు. ఆ ఖాతా అసలు రహస్యపదమే కావాలి. రహస్యపదం లేని ఖాతాను విండోస్ నెట్‌వర్కు మీదుగా రానీయదు. ఫోల్డరుకు రెండు పొరల అనుమతులు ఉంటాయనేది మరొక మెలిక. పంపకానికి ఇచ్చినది ఒకటి, ఆ ఫోల్డరుకే స్వయంగా ఉన్నది మరొకటి. రెండింటిలో ఏది కఠినమైతే అదే నెగ్గుతుంది. 2024 చివరలో వెలువడిన విండోస్ 11 24హెచ్2 రూపం పేరూ ఊరూ చెప్పని అతిథుల విషయంలో మరింత కఠినమైనది. నిన్నటి దాకా తెరుచుకొన్న పాత పెట్టె ఆ మార్పు తరువాత తెరుచుకొనకపోతే కారణం బహుశా ఇదే.

తెర మీది సందేశం శ్రద్ధగా చదివితే సగం శ్రమ తగ్గుతుంది. ‘నెట్‌వర్కు పాత్ దొరకలేదు’ అంటే దారినో, పేరునో, తలుపునో చూడాలి. ‘యాక్సెస్ డినైడ్’ అంటే దారి బాగానే ఉన్నది, అతిథిని గుర్తించి కాదన్నారు. మేము మొదటి సందేశాన్ని చూసి రెండవ దానికి మందు వేశాము.

ఇప్పుడు తీసిన గడియల సంగతి. ఆ పదకొండు దినాలూ మా ఇంటి వై-ఫైలో చేరిన ఏ ఫోను నుండి అయినా మా డిస్కును తెరవగలిగే స్థితి ఉన్నది. అన్నగారి అబ్బాయి స్నేహితులు ఆటలకని వచ్చి వై-ఫైలో చేరుతూనే ఉంటారు. ఆ డిస్కులో మా విద్యార్థులు నలభై మంది ఉపకార వేతనాల దరఖాస్తుల ప్రతులు ఉన్నవి: ఆధార్ కార్డులు, బ్యాంకు పుస్తకాలు, తల్లిదండ్రుల ఆదాయ ధ్రువపత్రాలు. ఎవరూ తెరవలేదనే మా నమ్మకం. కాని నమ్మకం తాళం కాదు. ఆ తల్లిదండ్రులు మా చేతికి ఇచ్చిన కాగితాలను మేము వీధి అరుగు మీద పరచి నిద్రపోయాము. ఇది వ్రాయడానికి సిగ్గుగానే ఉన్నది.

ఇది వట్టి ఊహాభయం కాదు. ఎస్ఎంబి తొలి రూపంలో ఒక తీవ్రమైన లోపం బయటపడగా, 2017 మార్చి 14న మైక్రోసాఫ్టు దానికి మరమ్మత్తు విడుదల చేసినది. వేసుకొన్నవారు వేసుకొన్నారు, అనేకులు వేసుకొనలేదు. మే 12న ‘వాన్నాక్రై’ అనే దుష్ట సాఫ్ట్‌వేరు అదే లోపం గుండా కంప్యూటరు నుండి కంప్యూటరుకు, ఎవరూ మీట నొక్కకుండానే, ప్రపంచమంతటా పాకినది. ఫైళ్లన్నిటికీ తాళం వేసి డబ్బు అడిగినది. ఇంగ్లండులో ఆసుపత్రులు రోగులను తిప్పి పంపవలసి వచ్చినది. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల పోలీసు కంప్యూటర్లలో కొన్ని దీని వాత పడ్డాయి. అదే సంవత్సరం అక్టోబరులో వచ్చిన విండోస్ 10 నుండి ఆ తొలి రూపాన్ని మైక్రోసాఫ్టు మామూలుగా అమర్చడమే మానివేసినది.

నేటికీ పొరుగు కంప్యూటరు కనబడలేదంటే “ఎస్ఎంబి ఒకటి ఆన్ చేయండి” అని సలహా ఇచ్చేవారు కలరు. అది దొంగ చేతికి తాళాలు ఇచ్చినట్లు. పాత జెరాక్సు యంత్రాలు కొన్ని స్కాన్ చేసిన కాగితాన్ని ఆ పాత భాషలోనే పంపగలవు. వాటి కొరకు ఇల్లంతా గడియ తీయుటకంటె స్కాన్ చేసినది పెన్‌డ్రైవులో తెచ్చుకొనడం మేలు. కళాశాల కార్యాలయంలో కూడ అనేక బల్లలకు ఒకే ప్రింటరు, ఒకే ఫోల్డరు ఉంటాయి గనుక కమిటీ పెద్దలు ‘అందరికీ, సర్వ హక్కులతో’ అనే మాట ఎక్కడైనా మిగిలి ఉన్నదేమో ఒకసారి చూపించవలసినదిగా మా మనవి.

మేము గడియలన్నీ తిరిగి వేశాము. కింది కంప్యూటరులో పంపకానికే ఒక వేరు ఖాతా తెరచి, రహస్యపదం పెట్టి, అమ్మాయికి చెప్పాము. ఒక్క ఫోల్డరును మాత్రమే ఆ ఖాతాకు ఇచ్చాము. విద్యార్థుల కాగితాలు వేరొక చోటికి మార్చాము.

ప్రింటరు ఇంకా మిగిలినది. ముందు దానిని కలిగి ఉన్న కంప్యూటరు నుండే ఒక పేజీ ముద్రించి చూడవలె. అక్కడే కదలకపోతే నెట్‌వర్కును నిందించి లాభం లేదు. 2021 జూలైలో విండోస్ ముద్రణ వ్యవస్థలో ‘ప్రింట్ నైట్‌మేర్’ అనే లోపం బయటపడిన పిదప నియమాలు బిగించారు. అందుచేత పంచుకొన్న ప్రింటరు డ్రైవరును ఎక్కించడానికి యజమాని హోదా గల ఖాతా కావలసి వస్తున్నది. మా అమ్మాయి ల్యాప్‌టాప్ అడిగినది అదే. సందేశం చివర 11బి అనే గుర్తు కనబడితే రెండు కంప్యూటర్లనూ తాజా అప్‌డేట్లకు తేవడం మొదటి పని. వై-ఫై గల ప్రింటరుకు ఈ బాధ తక్కువ, ప్రతి కంప్యూటరూ దానితో నేరుగా మాట్లాడుతుంది. ఐతే రూటరు ఆగి వెలిగినప్పుడు దాని చిరునామా మారి, ‘ఆఫ్‌లైన్’ అని మొండికేస్తుంది. రూటరులో దానికి ఒక చిరునామాను స్థిరంగా కేటాయించాలి.

మా ప్రింటరుకు వై-ఫై లేదు. అది తగిలి ఉన్న కంప్యూటరు కునుకు తీస్తే మేడ మీది కాగితం వరుసలోనే నిలిచిపోతుంది. కనుక ప్రస్తుతం అమ్మాయి ముద్రణకు ఇచ్చే ముందు మెట్ల మీద నుండి “చాచా, కంప్యూటరు మేలుకొని ఉందా?” అని కేక వేస్తున్నది. మేము పోయి దానిని తట్టి లేపుతున్నాము.