కూలిన జట్టును నిలిపిన స్వేచ్ఛ

అమెరికాలో ఆరిజోనా రాష్ట్రమునకు ముఖ్యపట్టణమైన ఫీనిక్సు ఎడారి నడుమ వెలసిన నగరము. తన బూడిదనుండి తానే మరల పుట్టునని పూర్వము గ్రీకులు చెప్పుకొనిన పక్షి పేరే ఆ నగరమునకు పెట్టిరి. అచ్చటి వృత్తి బాస్కెట్‌బాల్ జట్టగు 'ఫీనిక్సు సన్స్' 1968లో ఏర్పడినది. పేరునకు తగినట్లు ఆ జట్టు రెండుసార్లు నేలకూలి, రెండుసార్లు లేచి నిలిచినది. ఆ రెండుసార్లును దానికి ఊపిరి పోసినవాడు, వేఱొక జట్టును తన యిష్టముచే విడిచివచ్చిన ఆటగాడు.

ఈ 'యిష్టము' అను మాట చదువరులకు మిక్కిలి చిన్నదిగా తోపవచ్చును. కాని చిరకాలము ఆ మాటకు అక్కడ తావే లేకుండెను. ఎన్.బి.ఎ. అను వృత్తి బాస్కెట్‌బాల్ సంఘములో, కళాశాలనుండి వచ్చు యువకులను జట్లు వంతులవారీగా ఏరుకొనును. దీనికి 'డ్రాఫ్టు' అని పేరు. ఏరుకొనిన జట్టు వానిని ఉంచుకొనిన ఉంచుకొనును, వేఱొక జట్టుతో మార్చుకొనిన మార్చుకొనును. ఒప్పందపు గడువు తీరినను వాడు ఆ జట్టు సొత్తే. మన పల్లెలలో అప్పు లేని పాలేరు సైతము ఏడాది తిరిగినంతనే వేఱొక ఆసామిని చూచుకొనుట కలదు. వేలకొలది జనులు చప్పట్లు కొట్టు ఆ క్రీడాకారునికి ఆపాటి స్వాతంత్ర్యమును లేకపోయెను. మన దేశమున 2008 నుండి జరుగుచున్న ఐ.పి.ఎల్. వేలము మనకు పరిచితమే. అందును పాడుకొనువాడు ఆటగాని నెన్నుకొనును గాని, ఆటగాడు పాడుకొనువాని నెన్నుకొనడు.

ఈ కట్టుబాటును ఎదిరించినవాడు ఆస్కార్ రాబర్ట్‌సన్. ఆ కాలమున ఆయనకు మించిన ఆటగాండ్రు అరుదు. పైగా ఆటగాండ్ర సంఘమునకు అధ్యక్షుడు. 1970లో ఆయన పేర న్యాయస్థానమున వ్యాజ్యము దాఖలయ్యెను. అది రాజీకి వచ్చునప్పటికి 1976. రాబర్ట్‌సన్ 1974లోనే ఆట విరమించెను. ఫల మనుభవించినవారు వేఱొకరు. రాజీ కుదిరిన పిమ్మటను, ఇతరులు ఇవ్వజూపిన జీతమును పాతజట్టు తానే యిచ్చి ఆటగానిని నిలుపుకొను హక్కు మిగిలియే యుండెను. 1988 నాటి ఒడంబడికతో గాని, ఏడేండ్లు ఆడి, రెండు ఒప్పందములు పూర్తి చేసినవానికి తలుపు పూర్తిగా తెఱచుకొనలేదు. అట్టివానిని 'ఫ్రీ ఏజెంటు' అందురు, స్వతంత్ర క్రీడాకారుడన్నమాట.

ఆ తలుపు దాటిన మొదటివాడు టామ్ ఛేంబర్స్. 1988 జూలైలో అతడు సియాటిల్ జట్టును వీడి ఫీనిక్సు చేరెను. అప్పటికి ఆ జట్టు స్థితి దయనీయము. 1987లో దాని ఆటగాండ్రలో కొందరిపై మాదకద్రవ్యముల అభియోగములు వచ్చి పరువు పోయెను; 1987-88లో 82 ఆటలకుగాను 28 మాత్రమే గెలిచెను. మఱుసటి యేడు గెలుపులు 55. ఇది యంతయు ఛేంబర్స్ ఒక్కని ప్రతిభయే అనుట న్యాయము కాదు. కొన్ని నెలల ముందు మార్పిడిలో వచ్చిన కెవిన్ జాన్సన్ బంతి నందించుటలో నేర్పరి. వారిరువురును కలిసినందుననే ఆట పండినది. 1990 మార్చిలో ఛేంబర్స్ ఒక్క ఆటలో 60 పాయింట్లు సాధించెను. ఎదుటి జట్టు అతని పాత సియాటిలే!

రెండవ కథ యింకను రసవత్తరము. 2003-04లో సన్స్ మరల 29 గెలుపులకు దిగజారెను. ధనమున్నంత మాత్రమున పేరొందిన స్వతంత్రుని తెచ్చుకొనుటకు వీలు లేదు. జట్టు చెల్లించు జీతములకు 1984-85 నుండి ఒక గరిష్ఠ పరిమితి కలదు. బయటివానిని పిలువవలెనన్న ఆ పరిమితిలో ఖాళీ యుండవలెను. అందుచే 2004 జనవరిలో నిర్వాహకులు, అధిక వేతనములు గల స్టీఫన్ మార్బరీని, పెన్నీ హార్డవేను న్యూయార్కు జట్టునకు పంపివేసిరి. ఉన్న మంచి ఆటగానిని వదలుకొని, రానున్నవానికై పీట వేసి కూర్చుండుట సాహసమే. ఎవడును రాకున్న, ఆ పీట ఖాళీగనే మిగులును.

వచ్చినవాడు స్టీవ్ నాష్. జోహాన్నెస్‌బర్గులో పుట్టి, కెనడాలో పెరిగినవాడు. 1996 డ్రాఫ్టులో మొదట అతనిని ఏరుకొనినది ఫీనిక్సే. నాడు ప్రేక్షకులు కేకలు వేసి ఎగతాళి చేసిరి. 1998లో డల్లాసునకు మార్చివేయగా, అతడు అచ్చట పేరు గడించెను. 2004 నాటికి వయస్సు ముప్పది. ఎత్తు ఆరడుగుల మూడంగుళములు. నడుమునొప్పి వేధించుచుండగా, ఆటలో లేని సమయమున గీత ప్రక్కన నేలపై వెల్లకిల పండుకొనువాడు. మన పాఠశాలలో డ్రిల్లు మాస్టరు సైతము పొడగరులనే గదా ముందు పిలుచును! ఇట్టివానికి దీర్ఘకాలపు ఒప్పందమిచ్చుటకు డల్లాసు యజమాని వెనుకాడెను. ఫీనిక్సు సుమారు ఆరున్నర కోట్ల డాలర్లకు ఒప్పుకొనెను.

ఆ జట్టున పరుగెత్తగల యువకులు ముందే యుండిరి: అమారే స్టౌడమైర్, షాన్ మేరియన్, జో జాన్సన్. లేనిది వారికి సరియైన క్షణమున బంతి నందించువాడే. బంతి చేజిక్కిన 24 సెకండ్లలో బుట్టకు వేయవలెనని 1954 నుండి నియమము. శిక్షకుడు మైక్ డి'ఆంటోనీ తనవారిని మొదటి ఏడు సెకండ్లలోనే వేయుడనెను. ఎదుటివానిని చేతితో అడ్డగింపరాదను నియమమును సంఘము ఆ యేడే గట్టిగా అమలుపఱచుటయు కలిసివచ్చెను. గెలుపులు 29 నుండి 62కు పెరిగెను. నాష్ ఆ సంవత్సరపు అత్యుత్తమ క్రీడాకారుడుగా ఎన్నికయ్యెను; మఱుసటి యేడును అతడే. 2005 ప్లేఆఫ్స్ రెండవ అంచెలో ఎదురైనది డల్లాసు. ఒక ఆటలో నాష్ 48 పాయింట్లు సాధించియు ఓటమి చవిచూచెను. కాని ఆఱవ ఆటతో ఆ పోటీ ఫీనిక్సు వశమయ్యెను. పిదప శాన్ ఆంటోనియో చేతిలో సన్స్ నాలుగు ఆటలు ఓడి వెనుదిరిగినది. నాష్ ఉన్నన్నాళ్లు ఆ జట్టు తుదిపోటీకి చేరనేలేదు.

తెఱచిన తలుపు లోనికి మాత్రమే దారి యిచ్చునా? 2004లోనే జో జాన్సన్ ఒప్పందమును పొడిగింపుమని కోరగా, ఇరుపక్షముల లెక్క కుదరలేదు. మఱుసటి వేసవిలో గడువు తీరగా అతడు వెడలిపోదునని పట్టుబట్టెను. పోటీవేతనమిచ్చి నిలుపుకొను హక్కున్నను, ఫీనిక్సు అతనిని అట్లాంటా జట్టునకు అప్పగించి, బదులుగా బోరిస్ డియావ్ అను ఫ్రెంచి యువకుని, కొన్ని డ్రాఫ్టు వంతులను తీసికొనెను. అట్లాంటా అంతకుముందు యేడు గెలిచినవి 13 ఆటలే. జాన్సన్ చేరిన యేడు 26. 2009-10 నాటికి 53.