కొడాక్ నిద్రపోలేదు.. మరి ఎందుకు మునిగింది? | రీలు కంపెనీల అసలు కథ

అనకాపల్లి నుంచి మళ్ళీ మీ ముందుకి వచ్చేశా.

ఈ వారం వేరే టాపిక్ చేద్దామనుకున్నా. కానీ మొన్న పండక్కి ఇల్లు దులుపుతుంటే బీరువా మీద ఒక పాత బిస్కెట్ డబ్బా దొరికింది. మూత తీయగానే గుప్పుమని వెనిగర్ వాసన! లోపల ఏమైనా పాడైపోయిందేమో అనుకున్నా. చూస్తే అన్నీ నెగెటివ్‌లు.

అమ్మకి చూపిస్తే, "ఒరే, అందులో తాతయ్య ఫోటోలు ఉన్నాయిరా, జాగ్రత్త" అంది. మా ఇంట్లో తాతయ్య ఫోటో ఒక్కటే ఉంది, గోడ మీద, దండ వేసి. అందులో ఆయన సీరియస్‌గా ఉంటారు. ఈ డబ్బాలో ఒక నెగెటివ్‌ని వెలుతురుకి ఎదురుగా పెట్టి చూస్తే, ఆయన నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని పడీపడీ నవ్వుతున్నారు. ఆ నవ్వు నేను అప్పటిదాకా చూడలేదు.

ఆ డబ్బా సంగతి చివర్లో చెప్తా. ముందు అసలు కథలోకి వెళ్దాం.

మీలో చాలామందికి రీల్ అంటే ఇన్‌స్టా రీల్. మా అమ్మావాళ్ళకి రీలు అంటే కెమెరాలో వేసే ఫిల్మ్. ఒక రీలుకి 36 ఫోటోలు. రీలు కొనాలి, తీశాక స్టూడియోలో ఇచ్చి కడిగించాలి, తర్వాత ప్రింట్లు వేయించాలి. మూడు చోట్ల డబ్బులు. అందుకే పెళ్ళిలో కూడా "ఇంకో ఫోటో తియ్యవయ్యా" అనడానికి ఆలోచించేవాళ్ళు.

ఆ డబ్బులు ఎక్కడికి వెళ్ళేవి? మన స్టూడియో ఆయనకి కొంత. మిగతాది రీలు తయారుచేసే కంపెనీలకి. అందులో పెద్దన్న అమెరికాలోని కొడాక్. 1888లో జార్జ్ ఈస్ట్‌మన్ అమ్మిన మొదటి కొడాక్ కెమెరాలోనే వంద ఫోటోలకి సరిపడా ఫిల్మ్ వేసి ఇచ్చేవాళ్ళు. అయిపోయాక కెమెరాని అలాగే కంపెనీకి పంపాలి. వాళ్ళు ఫోటోలు కడిగి, కొత్త ఫిల్మ్ వేసి తిరిగి పంపేవాళ్ళు. అంటే కెమెరా ఒక్కసారే కొంటాం, ఫిల్మ్‌కి మాత్రం జీవితాంతం డబ్బులు కడుతూనే ఉంటాం. ఇప్పుడు మనం చూసే సబ్‌స్క్రిప్షన్ లాంటిదే.

ఈ మోడల్ వందేళ్ళు ఆడింది. 1988లో కొడాక్‌లో దాదాపు 1,45,000 మంది పనిచేసేవాళ్ళు.

ఇప్పుడు మీరు వాట్సాప్‌లో చాలాసార్లు చూసిన కథ. "కొడాక్ డిజిటల్‌ని పట్టించుకోలేదు, అందుకే పోయింది." ఇది సగమే నిజం.

ప్రపంచంలో మొదటి డిజిటల్ కెమెరాల్లో ఒకటి తయారైంది కొడాక్ లోపలే! 1975లో స్టీవ్ శాసన్ అనే పాతికేళ్ళ ఇంజినీర్ చేశాడు. బరువు మూడున్నర కేజీల పైనే. 0.01 మెగాపిక్సెల్. ఒక్క బ్లాక్ అండ్ వైట్ ఫోటో క్యాసెట్‌లోకి ఎక్కడానికి 23 సెకన్లు. 1981లో కొడాక్ లోపల ఒక స్టడీ కూడా చేయించుకుంది. డిజిటల్ వస్తుంది, మనకి సుమారు పదేళ్ళ టైమ్ ఉంది అని తేలింది. వాళ్ళకి తెలీక కాదు. తర్వాత డిజిటల్ మీద బోలెడు డబ్బు కూడా పెట్టారు. 2005లో అమెరికాలో డిజిటల్ కెమెరాల అమ్మకాల్లో నంబర్ వన్ కొడాకే.

మరి ఎందుకు మునిగింది? ఇది జాగ్రత్తగా వినండి. కొడాక్‌కి లాభం కెమెరాలో లేదు, మనం నొక్కే ప్రతి క్లిక్‌లో ఉంది. డిజిటల్‌లో క్లిక్ ఖర్చు సున్నా. కెమెరా అమ్మాక ఇంక వచ్చేదేం లేదు. ఆ కెమెరా మీద మిగిలేదీ తక్కువే. ఆ తర్వాత స్మార్ట్‌ఫోన్ వచ్చి ఆ కెమెరాని కూడా మింగేసింది. 2012 జనవరి 19న కొడాక్ దివాలా పిటిషన్ వేసింది. 2013లో చాలా చిన్న కంపెనీగా బయటికొచ్చింది.

సరే, అదే తుఫాను జపాన్‌లోని ఫ్యూజీఫిల్మ్‌కి కూడా తగిలింది కదా? తగిలింది. 2000లో ప్రపంచంలో ఫిల్మ్ అమ్మకాలు పీక్‌లో ఉన్నాయి. పదేళ్ళలో అందులో పదో వంతు కూడా మిగల్లేదు. అప్పుడు ఫ్యూజీ ఇంజినీర్లు కూర్చుని ఒక లిస్ట్ రాసుకున్నారు. మనం అమ్మేది ఫిల్మే, కానీ మనకి వచ్చిన విద్యలేంటి?

ఫిల్మ్‌లో జెలటిన్ ఉంటుంది. అది కొల్లాజెన్ నుంచే వస్తుంది. మన చర్మంలో ఉండేదీ కొల్లాజెనే. ఫోటో రంగు వెలిసిపోకుండా ఆపే కెమిస్ట్రీ వాళ్ళకి తెలుసు. దాంతో 2007లో ఆస్టాలిఫ్ట్ అని ఫేస్ క్రీములు దించారు! ఫిల్మ్‌కి వాడే పల్చటి ప్లాస్టిక్ పొర టెక్నాలజీని ఎల్‌సీడీ స్క్రీన్లకి అమ్మారు. మందుల వ్యాపారంలోకీ వెళ్ళారు. ఊరికే జరగలేదు ఇదంతా. వేల మంది ఉద్యోగాలు కూడా పోయాయి. కానీ కంపెనీ నిలబడింది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. మన దేశానికీ సొంత ఫిల్మ్ కంపెనీ ఉండేది, తెలుసా? 1960లో కేంద్ర ప్రభుత్వం ఊటీలో పెట్టిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్. బ్రాండ్ పేరు 'ఇందు'. బ్లాక్ అండ్ వైట్ రీళ్ళు, ఎక్స్‌రే ఫిల్ములు చేసేది. పాపం, దీన్ని డిజిటల్ ఒక్కటే చంపలేదు. మార్కెట్ కలర్ వైపు వెళ్ళిపోయింది, బయటి ఫిల్మ్‌తో పోటీ, మెడ దాకా అప్పులు. 1990ల మధ్యకే ఖాయిలా పరిశ్రమల లిస్ట్‌లోకి ఎక్కింది. డిజిటల్ వచ్చేసరికి లేచే ఓపిక లేదు. చివరికి మూతపడింది.

ఇంకో కథ ఉంది. ఇది మన తెలుగాయనది. ఏలూరు దగ్గర సోమవరప్పాడులో పుట్టిన ఎల్.వి. ప్రసాద్ గారు. హైదరాబాద్‌లో కంటి ఆసుపత్రికి ఆయన పేరే పెట్టారు. మద్రాసులో ఆయన పెట్టిన ప్రసాద్ ల్యాబ్ పని ఏంటంటే, సినిమా నెగెటివ్‌లు కడిగి, థియేటర్లకి ప్రింట్లు వేయడం.

చిన్న లెక్క చేద్దాం. సినిమా ఫిల్మ్ నిమిషానికి 90 అడుగులు తిరుగుతుంది. రెండున్నర గంటల సినిమా అంటే 13,500 అడుగులు. నాలుగు కిలోమీటర్ల పైమాటే! అది ఒక్క ప్రింట్‌కి. 500 థియేటర్లంటే రెండు వేల కిలోమీటర్ల ఫిల్మ్. ఇక్కడ మొదలుపెట్టి పరిస్తే దాదాపు ఢిల్లీ దాకా వెళ్తుంది. అందుకే అన్ని ఊళ్ళకీ ఒకేరోజు ప్రింట్లు వచ్చేవి కావు. పెద్ద ఊళ్ళలో ఆడీ ఆడీ గీతలు పడిన ప్రింట్ మనలాంటి ఊళ్ళకి వచ్చేది.

క్యూబ్, యూఎఫ్‌ఓ లాంటి డిజిటల్ ప్రొజెక్షన్ వచ్చాక ఆ కిలోమీటర్లన్నీ మాయం. సినిమా హార్డ్‌డిస్క్‌లోనో, శాటిలైట్ ద్వారానో వచ్చేస్తోంది. మనకి మంచిదే, మొదటిరోజే చూస్తున్నాం. ల్యాబ్‌లకి మాత్రం తిండి పోయినట్టే. చాలా ల్యాబ్‌లు మూసేశారు. ఫ్యూజీ కూడా 2013లో షూటింగ్‌కి వాడే సినిమా ఫిల్మ్ తయారీ ఆపేసింది.

ప్రసాద్ వాళ్ళు ఏం చేశారు? కొత్త ఫిల్మ్ రావట్లేదు సరే, ప్రపంచమంతా గోడౌన్లలో పాత ఫిల్మ్ పడి ఉంది కదా! దాన్ని స్కాన్ చేయడం, ఒక్కో ఫ్రేమ్‌లో దుమ్ము, గీతలు తీసి శుభ్రం చేయడం మొదలుపెట్టారు. విదేశీ సినిమాలకి కూడా ఈ పని చేశారు. ఫిల్మ్ స్కానర్లు తయారుచేసే జర్మనీ కంపెనీ డీఎఫ్‌టీని కొనేశారు కూడా. ఫిల్మ్‌ని ఎలా పట్టుకోవాలో తెలిసిన చేతులు, ఆ ఫిల్మ్‌ని కాపాడే పనికి వచ్చాయి.

ఇందులో నన్ను పట్టేసిన విషయం ఒకటుంది. ఎల్.వి. ప్రసాద్ గారు 1931లో మన దేశపు మొదటి టాకీ ఆలం ఆరాలో నటించారు. ఆ సినిమా ఈరోజు ఎక్కడా లేదు. ఒక్క ప్రింట్ కూడా మిగల్లేదు.

ఇదంతా మనకెందుకు అంటారా? నేను బీటెక్ అయ్యాక టెస్టింగ్ జాబ్‌లో చేరా. మా టీమ్ చేసే పని ఒక టూల్ చేయడం మొదలుపెట్టేసరికి పదిహేను మందిలో నలుగురం మిగిలాం. కోపం వచ్చింది, భయమేసింది. అప్పుడు నేను అడగాల్సిన ప్రశ్న ఫ్యూజీ వాళ్ళు అడిగినదే. నా జాబ్ టైటిల్ పక్కన పెడితే నాకేం వచ్చు? తప్పు ఎక్కడుందో వెతకడం వచ్చు, దాన్ని ఎదుటివాడికి అర్థమయ్యేలా చెప్పడం వచ్చు. ఈ ఛానల్ అలా మొదలైంది. అందరికీ దారి దొరుకుతుందని నేను చెప్పను. ఊటీలో అన్నేళ్ళు పనిచేసినవాళ్ళకి దొరకలేదు. కానీ ఆ లిస్ట్ జీతం ఆగిపోయాక కాదు, వస్తున్నప్పుడే రాసుకోండి.

ఇక డబ్బా సంగతి. ఆ వెనిగర్ వాసన ఫిల్మ్ చచ్చిపోతోందని గుర్తు. ప్లాస్టిక్ విరిగి యాసిడ్ వదులుతుంది. మన కోస్తా ఉక్కకి ఇంకా త్వరగా జరుగుతుంది. ఒక్కసారి మొదలైతే వెనక్కి రాదు, నెమ్మదిగా చేయగలం అంతే. మీ ఇంట్లో నెగెటివ్‌లు ఉంటే అంచులతోనే పట్టుకోండి, తడిగుడ్డతో తుడవొద్దు, అతుక్కుంటే లాగొద్దు. వాసన వచ్చేవి విడిగా పెట్టండి. మిగతావి పొడిగా, చల్లగా ఉండే చోట ఉంచండి. ల్యాప్‌టాప్‌లో తెల్ల స్క్రీన్ పెట్టి, దానికి కొంచెం ఎడంగా నెగెటివ్ పట్టుకుని, ఫోన్‌తో దగ్గరగా ఫోటో తీసి, యాప్‌లో రంగులు ఇన్వర్ట్ చేయండి. ముఖ్యమైనవి స్టూడియోలో స్కాన్ చేయించండి.

మా డబ్బాలో నాలుగు ముక్కలు పూర్తిగా అతుక్కుపోయాయి. వాటిలో ఏముందో ఇక ఎవరికీ తెలీదు. తాతయ్య నవ్వే ఫోటో మాత్రం దక్కింది. అమ్మ దాన్ని ఫోన్‌లో వాల్‌పేపర్ పెట్టుకుంది.

ఈరోజు ఇంటికి వెళ్ళి బీరువా పైన ఒకసారి చూడండి. ఏం దొరికిందో కామెంట్‌లో చెప్పండి. వీడియో నచ్చితే మీ ఇంట్లో పెద్దవాళ్ళకి షేర్ చేయండి, డబ్బా ఎక్కడుందో వాళ్ళకే తెలుసు. మళ్ళీ వచ్చే వారం కలుద్దాం. ఉంటా మరి!