కార్బ్యురేటర్ దించి, ఇంజెక్టర్ బిగించి

ఫోక్స్‌వ్యాగన్ పాత వ్యాను వెనక మూత ఎత్తి రేడియేటర్ కోసం వెతికితే కనిపించదు. నీళ్ల గొట్టాలూ ఉండవు. బెల్టుతో తిరిగే పెద్ద ఫ్యాను, దాన్ని కప్పుతూ నల్లటి రేకు తొడుగు, ఆ రేకుల చాటున అటు రెండు, ఇటు రెండు పడుకోబెట్టిన సిలిండర్లు. అంతే. ఇంజన్ చల్లబడాలంటే ఫ్యాను తోసే గాలి ఉంది, లోపల తిరిగే ఆయిల్ ఉంది. మూడో ఆసరా కూడా ఒకటుంది గానీ చాలామందికి అది తట్టదు. అది పెట్రోలే.

పెట్రోలు పూర్తిగా మండడానికి ఒక లెక్క ఉంది: కిలో పెట్రోలుకు 14.7 కిలోల గాలి. పెట్రోలు తగ్గితే మెకానిక్కులు ‘లీన్’ అంటారు, పెరిగితే ‘రిచ్’. బండి నిండా జనంతో, సామానుతో ఘాట్ ఎక్కుతూ యాక్సిలరేటర్ అదిమి పట్టినప్పుడు మిశ్రమం లీన్ అయిందంటే సిలిండర్ హెడ్ సెగలెక్కిపోతుంది. నీళ్లున్న ఇంజన్ కాసేపు ఓర్చుకుంటుంది. గాలి ఇంజన్‌కు అంత ఓపిక లేదు. ఎగ్జాస్ట్ వాల్వు తల మాడి, విరిగి పిస్టన్ మీద పడితే ఇంజన్ పని అక్కడితో సరి. అందుకే బరువు పడ్డ వేళ లెక్కకన్నా కాస్త ఎక్కువ పెట్రోలు పంపాలి. ఆ అదనపు పెట్రోలు ఆవిరవుతూ లోపలి వేడిని లాగేస్తుంది.

ఈ ఇంజన్ తిప్పలన్నిటినీ మూడో సిలిండర్‌ను చూసి చెప్పొచ్చు. పాత 1600 ఇంజన్లలో ఆయిల్ కూలర్‌ను ఫ్యాను తొడుగు లోపలే, ఆ సిలిండర్‌కు గాలి వెళ్లే దారిలో నిలబెట్టారు. దాంతో దానికి అందేది అప్పటికే వేడెక్కిన గాలి. 1971 మోడల్ నుంచి కూలర్‌ను పక్కకు జరిపి వేరే దారి ఇచ్చారు గానీ, అంతకుముందు తయారైన బళ్లు ఇప్పటికీ రోడ్ల మీద ఉన్నాయి. ముందు వేడికి లొంగేది మూడో సిలిండరే అని వాటి యజమానులకు బాగా తెలుసు.

కార్బ్యురేటర్‌ను తక్కువ చేసి మాట్లాడకూడదు. ఇరుకు గొంతులోంచి గాలి వేగంగా పోతుంటే అక్కడ పీడనం పడిపోతుంది, ఇత్తడి జెట్‌లోంచి పెట్రోలు తనంతట తనే లేచి తుంపరవుతుంది. కరెంటు అక్కర్లేదు, కంప్యూటర్ అక్కర్లేదు. కానీ ఆ జెట్ రంధ్రం ఎంతుందో అంతే. ఎండైనా, చలైనా, సముద్ర తీరమైనా, కొండ శిఖరమైనా దానికి ఒకటే. సముద్రమట్టానికి 1,600 మీటర్ల ఎత్తున్న అమెరికా నగరం డెన్వర్‌లో గాలి పీడనం దాదాపు ఆరోవంతు తక్కువ. అక్కడ కార్బ్యురేటర్ బండి రిచ్ అయిపోయి నల్లగా పొగ కక్కుతుంది. బుల్లెట్ బైకుల మీద లద్దాఖ్ కనుమలు ఎక్కొచ్చిన మన కుర్రాళ్లకు ఈ ఆయాసం కొత్త కాదు.

ఈ వ్యానుకు ఇంకో చిక్కు దూరంతో వచ్చింది. ఒక్క కార్బ్యురేటర్ నడిమధ్యలో ఉంటుంది, సిలిండర్లు రెండు చివర్లలో. మధ్యలో సన్నటి ఇనప గొట్టం. పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు ఆ గొట్టం చల్లబడిపోతుంది. దాన్ని వెచ్చబెట్టడానికి పక్కనే సైలెన్సర్ వేడిని తెచ్చే చిన్న గొట్టం పెట్టారు. ఏళ్ల తరబడి మసి పట్టి ఆ చిన్న గొట్టం పూడుకుపోతే, చల్లటి తేమ ఉదయాన ఇంజన్ తిరుగుతుండగానే పెద్ద గొట్టం మీద తెల్లటి మంచు పేరుకోవడం కంటికి కనిపిస్తుంది. వేలితో గీస్తే గీత పడుతుంది. ఆ చలికి లోపలి పెట్రోలు ఆవిరి కాకుండా గోడలకు అంటుకుపోతుంది. బండి తడబడుతుంది, పికప్ ఉండదు.

ఇంజెక్షన్‌లో పెట్రోలు ఈ ప్రయాణమే చేయదు. ఇన్‌టేక్ వాల్వు గుమ్మం దగ్గరే ఇంజెక్టర్ కూర్చుని తుంపర కొడుతుంది. ఎంత కొట్టాలో కొలిచి చెప్పేది కంప్యూటర్.

పాత బండికి ఇంజెక్షన్ పెడితే దాని ఆత్మ పోతుందని బాధపడేవాళ్లున్నారు. వాళ్ల ప్రేమ నిజమే గానీ, చరిత్ర వేరే మాట చెబుతోంది. పెద్ద ఎత్తున తయారైన కార్లలో ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ మొదట వచ్చింది ఈ కుటుంబంలోనే. 1967లో బాష్ కంపెనీ డి-జెట్రానిక్ వ్యవస్థను ఫోక్స్‌వ్యాగన్ 1600 కారుకు అమర్చింది. గాలితో చల్లబడే అదే నాలుగు సిలిండర్ల ఇంజన్. అమెరికాలో బిగుసుకుంటున్న పొగ నిబంధనలను తట్టుకోవడానికి ఆ పని చేశారు. ‘డి’ అంటే జర్మన్‌లో డ్రూక్, పీడనం. ఇన్‌టేక్ గొట్టంలో పీడనాన్ని కొలిచి, విడివిడి ట్రాన్సిస్టర్లు పేర్చిన డబ్బా ఒకటి ఇంజెక్టర్‌ను ఎంతసేపు తెరవాలో తేల్చేది. ఇంటెల్ మొదటి మైక్రోప్రాసెసర్ మార్కెట్లోకి వచ్చింది 1971లో. అంటే ఈ ఇంజన్‌కు ఇంజెక్షన్ అబ్బింది అంతకు నాలుగేళ్ల ముందు!

వ్యానుకు ఆ యోగం 1975 మోడల్‌తో, అదీ అమెరికా వెళ్లే బళ్లకు, పట్టింది. ఈసారి వచ్చింది ఎల్-జెట్రానిక్. ‘ఎల్’ అంటే లుఫ్ట్, గాలి. లోపలికి పోయే గాలి ఒక రేకు తలుపును తోస్తుంది, తలుపు ఎంత తెరుచుకుందో చూసి పెట్రోలు లెక్క కడతారు. చక్కటి ఏర్పాటు. కానీ తలుపు చూడని గాలి ఎక్కడినుంచి దూరినా లెక్క తప్పుతుంది. ఆయిల్ కొలిచే పుల్ల కింద రబ్బరు సీలు పాడైతే చాలు, ఆ సందులోంచి కొలవని గాలి దూరి మిశ్రమం లీన్ అయిపోతుంది. బండి ‘స్లో’లో నిలబడకపోతే ఇంజెక్టర్లను, కంప్యూటర్‌ను అనుమానించి వేలు తగలేసే ముందు ఆ చిన్న రబ్బరును చూడాలి.

మెక్సికోలో 1993 నుంచి ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కార్లకు ఇంజెక్షన్ పెట్టారు. 2003 జులైలో ప్యూబ్లా ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఆఖరి బీటిల్‌కూ అదే ఉంది. బ్రెజిల్లో కోంబి పేరుతో ఇదే వ్యాను గాలి ఇంజన్‌తోనే 2005 దాకా తయారైంది. దాని చివరి ఏళ్ల ఇంజన్లు ఇంజెక్షన్‌వే. కాబట్టి ఈ ఇంజన్‌కు ఇంజెక్టర్ పరాయిది కాదు. 1960ల వ్యానుకు ఈనాడు ఇంజెక్షన్ బిగించేవాళ్లు, దాని తోబుట్టువులకు ఫ్యాక్టరీలోనే దక్కినదాన్ని దీనికి ఆలస్యంగా ఇస్తున్నారు, అంతే. మన కొత్త బైకులకు కూడా 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చినప్పుడు కార్బ్యురేటర్ పోయి ఇంజెక్షనేగా వచ్చింది.

ఇంట్లో ఈ పని చేసుకోవడం తేలికైంది 2001లో. బ్రూస్ బౌలింగ్, ఆల్ గ్రిప్పో అనే ఇద్దరు అమెరికన్లు మెగాస్క్విర్ట్ అనే కంట్రోలర్ రూపొందించి, ఎవరికి వారు సోల్డరింగ్ చేసుకునేలా బయటపెట్టారు. తర్వాత ఆర్డ్యునో బోర్డు మీద నడిచే స్పీడ్యునో వచ్చింది. పాత ఎల్-జెట్రానిక్‌లో తలుపు కింద కార్బన్ పట్టీ అరిగి లెక్క తప్పిన వ్యానులకు ఇవి కొత్త మెదడు అయ్యాయి. కార్బ్యురేటర్ బళ్లకు మొత్తం కొత్తగా కట్టుకునే దారి దొరికింది.

అసలు చాకిరీ మాత్రం కంప్యూటర్‌ది కాదు, గొట్టాలది. కార్బ్యురేటర్‌కు పెట్రోలు అందించే పాత పంపు ఒత్తిడి 0.2 బార్ చుట్టుపక్కల ఉంటుంది. ఇంజెక్టర్లకు 2.5 నుంచి 3 బార్ కావాలి, అంటే పదింతలకు పైనే. పాత రబ్బరు గొట్టాలు, చేత్తో బిగించిన క్లిప్పులు దీనికి పనికిరావు. ఇంజెక్షన్ కోసమే చేసిన గొట్టాలు వేయాలి. పైగా వాడగా మిగిలిన పెట్రోలు ట్యాంకుకు తిరిగి వెళ్లాలి. పాత ట్యాంకుకు ఆ రంధ్రమే లేదు. వెల్డింగ్ చేద్దామంటే, ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరి పెట్రోలుకన్నా ప్రమాదం. దాన్ని పూర్తిగా కడిగించి, తెలిసినవాళ్ల చేతికే ఇవ్వాలి. ఈ వ్యానుల్లో ట్యాంకు, ఇంజన్ పక్కపక్కనే ఉంటాయి. పగిలిన గొట్టం వల్ల వెనక మంటలు లేచి కాలిపోయిన బళ్లు ఎన్నో. ఇక్కడ వంద మిగుల్చుకోవాలని చూడటం తప్పు.

తర్వాత సెన్సర్లు. క్రాంక్ పుల్లీకి 36 పళ్ల చోట్లున్న చక్రం బిగించి, అందులో ఒక పన్ను లేకుండా వదిలేస్తారు. ఆ ఖాళీ సెన్సర్ ముందునుంచి పోయినప్పుడల్లా పిస్టన్ ఎక్కడుందో కంప్యూటర్‌కు తెలుస్తుంది. నీళ్ల ఉష్ణోగ్రత కొలిచే చోటు లేదు కాబట్టి సెన్సర్‌ను నేరుగా సిలిండర్ హెడ్‌కు బిగిస్తారు. నీళ్ల ఇంజన్ 90 డిగ్రీల దగ్గర కుదురుకుంటే, ఇక్కడ హెడ్ 150 దాటడం మామూలే. అందుకే కారు లెక్కలు ఎత్తి ఇందులో పెడితే కుదరదు. సైలెన్సర్ గొట్టంలో ఆక్సిజన్ సెన్సర్ పెడతారు. దానికి ముందు ఎక్కడైనా గొట్టం లీకైతే బయటి గాలి చొరబడి, మిశ్రమం లీన్‌గా ఉందని అది అబద్ధం చెబుతుంది. కంప్యూటర్ నమ్మి పెట్రోలు పెంచేస్తుంది. 1960ల మొదటి బళ్లయితే 6 వోల్టులవి, ముందు వాటిని 12కు మార్చుకోవాలి.

ఇక ట్యూనింగ్. పక్క సీట్లో ల్యాప్‌టాప్, తెర మీద అడ్డం 16, నిలువు 16, మొత్తం 256 గళ్లు. అడ్డంగా ఇంజన్ వేగం, నిలువుగా ఇన్‌టేక్ పీడనం. ఒకరు నడుపుతుంటే మరొకరు చూస్తారు. 3,000 ఆర్‌పీఎమ్ దగ్గర ఇంజన్ ఒక చుట్టు తిరగడానికి పట్టేది సెకనులో యాభయ్యో వంతు. ఆ లోపల ఇంజెక్టర్ కొన్ని మిల్లీసెకన్లు తెరుచుకుని మూసుకుంటుంది. ఖాళీ రోడ్డు మీద నిలకడగా నడిపే గళ్లు ఓ మధ్యాహ్నంలో సర్దుకుంటాయి. చల్లటి స్టార్టింగ్‌ది రోజుకొకటే అవకాశం, ఇంజన్ మళ్లీ పూర్తిగా చల్లారాలిగా. దానికి వారాలు పడుతుంది. బరువుతో ఎత్తు ఎక్కే గళ్లను అన్నిటికన్నా జాగ్రత్తగా, రిచ్ వైపు నుంచే మొదలుపెట్టి తగ్గిస్తూ రావాలి, హెడ్ ఉష్ణోగ్రత అంకె మీద ఒక కన్నేసి. తొందరపడితే ఆ శిక్ష మూడో సిలిండర్ అనుభవిస్తుంది.

ఇంత చేసినా హార్స్‌పవర్ పెద్దగా పెరగదు, ఆ ఆశతో దిగకూడదు. దక్కేవి వేరు. చోక్ గొడవ ఉండదు, మంచు పట్టదు, కొండెక్కినా లెక్క తప్పదు. ఇథనాల్ కలిసిన పెట్రోలుకు గాలి కాస్త తక్కువ చాలు, కాబట్టి పాత జెట్‌తో బండి లీన్ అవుతుంది. ఆక్సిజన్ సెన్సర్ ఉన్న వ్యవస్థ మామూలు పరుగులో దాన్ని తనే పసిగట్టి సర్దుకుంటుంది. మన బంకుల్లో 20 శాతం ఇథనాల్ పెట్రోలు పోయించుకుంటున్న పాత బళ్ల యజమానులకు ఈ మాట తేలిగ్గానే అర్థమవుతుంది.

తాళం తిప్పగానే వెనక పంపు గుయ్‌మని రెండు సెకన్లు మోగి ఆగిపోతుంది. గొట్టాల్లో ఒత్తిడి నిండిందన్నమాట. ఇంజన్ తిరిగితేనే కంప్యూటర్ పంపును మళ్లీ నడుపుతుంది. రోడ్డు మీద ఇంజన్ ఏ కారణంతో ఆగినా పంపు కూడా వెంటనే ఆగాలి, లేకపోతే తెగిన గొట్టంలోంచి వేడి ఇంజన్ మీదికి పెట్రోలు చిమ్ముతూనే ఉంటుంది. పని తెలిసినవాళ్లు మొదటి ప్రయాణానికి ముందే ఇంజన్ ఆపి, పంపు చప్పుడు కూడా ఆగిందో లేదో చెవి పెట్టి వింటారు. విన్నాక, వెనక మూత దగ్గర నిప్పు ఆర్పే సిలిండర్ బిగించి బయల్దేరతారు.