ప్లాటర్ గీసిన వృత్తం ఎందుకు కలవదు?

1983లో హెచ్‌పీ కంపెనీ తెచ్చిన 7475ఏ ప్లాటర్ ప్రింటర్‌లా చుక్కలు వేయదు. ఆరు రంగుల పెన్నుల్లోంచి కావలసినది తీసుకుని, మనలాగే గీతలు గీస్తుంది. ఇందులో పెన్ను అడ్డంగా మాత్రమే కదులుతుంది. నిలువు గీత కావాలంటే కాగితమే ముందుకీ వెనక్కీ జరుగుతుంది. ఎంత చక్కటి ఆలోచనో!

మరి వృత్తం చివర్లు కలవకపోతే? చాలాసార్లు కారణం కాగితం జారడమే. కాగితం అంచుల్ని కింద గరుకు చక్రాలు, పైన రబ్బరు రోలర్లు పట్టుకుంటాయి. ఏళ్ల తరబడి కాగితపు పొడి ఆ గరుకులో ఇరుక్కుని పట్టు తగ్గిపోతుంది. రబ్బరు కూడా గట్టిపడి నున్నగా అవుతుంది. పాత టూత్‌బ్రష్‌తో, తడి లేకుండా, చక్రాన్ని తిప్పుతూ రుద్దితే పొడి రాలిపోతుంది.

గీత అక్కడక్కడా తెగుతోందా? ముందు పెన్ను తీసి చేత్తో గీసి చూడండి, సిరా ఎండిపోయి ఉండొచ్చు. అసలేమీ గీయకపోతే కంప్యూటర్ కేబుల్ తీసేసి, ప్లాటర్‌లోనే ఉన్న పరీక్ష బొమ్మను గీయించాలి. అది సరిగ్గా వస్తే లోపం బహుశా ప్లాటర్‌ది కాదు, కేబుల్‌దో కంప్యూటర్‌దో.

చక్రాలు శుభ్రం చేసే ముందు ప్లగ్గు పీకండి. మూత విప్పే పని మాత్రం తెలిసిన పెద్దవాళ్లకే వదిలేయండి.