వైద్యునిచేతి క్రొత్త దీపము



బియ్యములో రాళ్లేరుట మనకు నిత్యకృత్యము. నల్లరాయి యైనచో చిన్నపిల్లయు నేరి పాఱవేయగలదు. గింజను బోలిన తెల్లరాయి మాత్రము పంటిక్రింద పడువఱకు కానరాదు. మన పెద్దలు పుట్టకురుపని చెప్పుకొనిన కాన్సరు వ్యాధికి శస్త్రచికిత్స చేయు వైద్యునికిని ఇట్టి చిక్కే కలదు. పెద్ద గడ్డ కంటికి కనబడును, చేతికి తగులును. ఆవగింజంతటి ముక్క చుట్టునున్న మంచి మాంసపు రంగునే కలిగి దాగియుండును. దానిని విడిచిపెట్టినచో వ్యాధి కొన్నాళ్లకు మరల తలయెత్తవచ్చును.

స్త్రీలకు వచ్చు అండాశయపు కాన్సరునం దీ చిక్కు మెండు. ఆ వ్యాధి యుదరములోని పొరలపై చిన్నచిన్న పొక్కులవలె వ్యాపించును. కావున కంటికి కానరానిది ఎంత తక్కువగా మిగిలిన రోగికి అంత మేలు.

రోగపుముక్కకు రంగు పట్టించి వెలిగింపవలెనను ఊహ క్రొత్తది కాదు. 1948వ సంవత్సరముననే అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున జార్జి మూర్ అను వైద్యుడు మెదడులోని గడ్డలను గుర్తించుటకు ఫ్లోరసీన్ అను రంగును వాడెను. కాని యా రంగు రక్తనాళములు స్రవించు చోట్లకు చేరునే కాని కాన్సరుకణమును పోల్చి పట్టుకొనజాలదు. పోల్చి పట్టుకొనవలెనన్న, ఆ కణము కోరి తీసికొను ఆహారమునకే రంగును జతచేయవలెను.

అట్టి ఆహారము మనకు పరిచితమే. గర్భిణులకు వైద్యులిచ్చు ఫోలిక్ ఆమ్లపు మాత్రలను ఎఱుగని ఇల్లాలు అరుదు. లాటిను భాషలో ఆకు అని అర్థమిచ్చు మాటనుండి దానికా పేరు వచ్చినది. 1941లో దానిని పాలకూరనుండి వేరుచేసిరి. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలవారు దానిని రసాయనవిధానమున తయారుచేసి 1945లో లోకమునకు ప్రకటించిరి. ఈ గాథలో మన తెలుగుబిడ్డ పాలు ఇంత కలదని తలచినపుడు మనస్సు పొంగక మానదు.

కణము రెండుగా చీలి పెరుగుటకు ఫోలేటు ఆవశ్యకము. అండాశయపు కాన్సరుకణములు పెక్కింటిపై ఫోలేటును పట్టుకొను గ్రాహకములు మిక్కుటముగా నుండును. పర్డ్యూ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఫిలిప్ లో ఈ మర్మమును గ్రహించి, ఫోలేటును బోలిన పదార్థమునకు వెలుగు నిచ్చు రంగును జతచేయు మార్గమును చూపెను. ఆ విధముగా నేర్పడిన మందే పాఫోలాసియానిన్. అమెరికా ప్రభుత్వపు ఔషధశాఖ దీనిని 2021 నవంబరులో అండాశయపు కాన్సరు శస్త్రచికిత్సకును, 2022 డిసెంబరులో ఊపిరితిత్తుల శస్త్రచికిత్సకును అంగీకరించినది.

శస్త్రచికిత్సకు 1 గంట మొదలు 9 గంటల ముందుగా ఈ మందును నరములోనికి ఎక్కింతురు. అది రోగకణములను చేరి నిలుచును. పిమ్మట వైద్యుడు ఎరుపునకు ఆవలి కాంతిని ఉదరముపై ప్రసరింపజేయును. ఆ కాంతి మన కంటికి కానరాదు. ప్రత్యేకమైన కెమెరా దానిని పట్టి తెరపై చూపును. అంతవఱకు దాగిన ముక్క చీకటిలో మిణుగురువలె వెలుగును. 134 మంది స్త్రీలను పరీక్షింపగా, నూటికి ఇంచుమించు 27 మందియందు కంటికిని చేతికిని అందని రోగపుముక్క యొకటియైనను ఈ వెలుగువలన బయటపడినది.

అయినను ఇది సర్వసిద్ధి కాదు. వెలిగినదెల్ల కాన్సరు కాదు; వెలుగనిదెల్ల ఆరోగ్యమును కాదు. లోతున నున్న దానిని ఈ కాంతి చేరజాలదు. కొందఱికి వికారము, వాంతి, దురద కలుగవచ్చును. ఈ మందు పుచ్చుకొనబోవువారు అంతకు 48 గంటల ముందు ఫోలిక్ మాత్రలను మానవలెను. లేనిచో మాత్రలోని ఫోలేటే గ్రాహకములను ఆక్రమించి రంగునకు చోటు లేకుండ చేయును. ఈ నియమము ఆ రోగులకు మాత్రమే. గర్భిణులు దీనిని చదివి తమ మాత్రలను మానరాదు సుమా!

మఱియొక మాట. ఈ దీపము శస్త్రచికిత్సాశాలకు చేరిన వారికే ఉపయోగించును. ఇంట రోగమును దాచుకొనిన వారికి ఉపయోగింపదు. కడుపుబ్బరము, కొంచెము తినగనే కడుపు నిండినట్లుండుట, పొత్తికడుపు నొప్పి, మాటిమాటికి మూత్రమునకు పోవలసివచ్చుట, ఇవి సామాన్యమైన అజీర్తివలనను కలుగును. కనుక వెంటనే భయపడనక్కరలేదు. కాని క్రొత్తగా వచ్చి, రెండు మూడు వారములైనను విడువక వేధించుచుండినచో వైద్యురాలికి చూపించుకొనవలెను. ఇంటిల్లిపాది ఆరోగ్యమును కనిపెట్టి చూచు మనము మన కడుపునొప్పిని మాత్రము సిగ్గుచేతనో, పనుల తొందరచేతనో కప్పిపుచ్చుచున్నాము. మీ యింట తల్లిగాని అత్తగారుగాని ఇట్టి బాధను మాటవరుసకు చెప్పినచో, వాము నమిలి ఊరకుండుడని చెప్పి విడిచిపెట్టక, వెంటబెట్టుకొని వైద్యశాలకు తీసికొనిపొండు.