వెలుతురు తాకిడికి పుట్టే వింత కణాలు

911 మెగా ఎలక్ట్రాన్ వోల్టులకు మించిన శక్తి ఉన్న కాంతి కణం, అంటే ఫోటాన్, కదలకుండా ఉన్న ప్రోటాన్‌ను తాకినప్పుడు ఎప్పుడో ఒకసారి ఆ రెండూ మాయమైపోయి, వాటి చోట రెండు కొత్త కణాలు పుడతాయి. ఒకటి ధనావేశమున్న కేయాన్, రెండోది ఏ ఆవేశమూ లేని లాంబ్డా. మన చుట్టూ ఉన్న మట్టిలో, నీళ్ళలో, ఇనుములో ఈ రెండూ ఉండవు. ప్రోటాన్లు, న్యూట్రాన్లు అప్, డౌన్ అనే రెండు రకాల క్వార్కులతోనే తయారవుతాయి. లాంబ్డాలో స్ట్రేంజ్ అనే మూడో రకం క్వార్కు కూడా ఉంటుంది, కేయాన్‌లో దాని ప్రతికణం ఉంటుంది. ఇలాంటి వాటినే వింత కణాలు అంటారు. వీటిని ఎలక్ట్రాన్ పుంజాలతో, ఫోటాన్ పుంజాలతో పుట్టించి పరిశీలించడం కేంద్రక భౌతిక శాస్త్రంలో ఒక ముఖ్యమైన శాఖ. యంత్రాలు అమెరికా, జర్మనీ, జపాన్, చైనాల్లో ఉన్నాయి. ఆ తరహా యంత్రాల్లో ఒకదాని నుంచి వచ్చే సమాచారాన్ని జల్లెడ పట్టే చోట్లలో సంగారెడ్డి జిల్లా కంది ఒకటి.

వింత కణాలు మొదట కనిపించింది యంత్రాల్లో కాదు, ఆకాశం నుంచి కురిసే కాస్మిక్ కిరణాల్లో. 1947లో మాంచెస్టర్‌లో జార్జ్ రోచెస్టర్, క్లిఫర్డ్ బట్లర్ క్లౌడ్ చాంబర్‌లో తీసిన వేల ఫోటోల్లో రెండింటిలో ఇంతకు ముందెవరూ చూడని జాడలు కనిపించాయి. ఆ కాలంలో కొత్త కణం కావాలంటే కొండ మీదికి పరికరాలు మోసుకెళ్ళాలి, లేదా బెలూన్లకు కట్టి పైకి పంపాలి. హైదరాబాద్ ఈసీఐఎల్ దగ్గరున్న టాటా మౌలిక పరిశోధన సంస్థ బెలూన్ కేంద్రం ఇప్పటికీ పెద్ద బెలూన్లు ఎగరేస్తూనే ఉంది. పొలాల్లో దిగిన పెట్టెలను ముట్టుకోవద్దని పేపర్లలో ప్రకటనలూ వస్తుంటాయి.

కొత్త కణాల్లో ఒక పొంతన లేని లక్షణం కనిపించింది. అవి బలమైన బలం చేతుల మీదుగా పుడుతున్నాయి. ఆ లెక్కన కనిపించిన ఆయుష్షు కన్నా 10 లక్షల కోట్ల రెట్లు తక్కువ సమయంలో విచ్ఛిన్నం కావాలి. కానీ లాంబ్డా సెకనులో వెయ్యి కోట్లో వంతుకు రెండున్నర రెట్ల కాలం బతుకుతోంది. అవి ఎప్పుడూ జంటగానే పుడతాయని 1952లో అబ్రహాం పైస్ ప్రతిపాదించారు. 1953లో మర్రే గెల్-మాన్ అమెరికాలో, కజుహికో నిషిజిమ జపాన్‌లో విడివిడిగా ఒక కొత్త సంఖ్యను ఊహించారు. దాని పేరు స్ట్రేంజ్‌నెస్. పుట్టేటప్పుడు మొత్తం స్ట్రేంజ్‌నెస్ మారకూడదు, అందుకే ఒకదానికి ప్లస్ ఒకటి, మరోదానికి మైనస్ ఒకటి. విడిపోయాక ఒంటరిగా ఉన్న కణం బలమైన బలం దారిలో విచ్ఛిన్నం కాలేదు. ఆ నియమాన్ని పట్టించుకోని బలహీన బలం కోసం ఆగాలి. అదే దాని దీర్ఘాయువు రహస్యం. బ్రూక్‌హేవన్‌లోని కాస్మోట్రాన్ యంత్రంలో ఆ జంట పుట్టుక కళ్ళకు కట్టింది.

ఫోటాన్లతో కేయాన్లను పుట్టించిన తొలి ఫలితాలు 1957 ప్రాంతంలో కాల్టెక్, కార్నెల్ విశ్వవిద్యాలయాల నుంచి వచ్చాయి. పుట్టించడమే లక్ష్యమైతే ఇది దుబారా పద్ధతి. పయాన్ పుంజంతో కొడితే వింత కణాలు వందల రెట్లు ఎక్కువ వస్తాయి. ప్రోటాన్ మింగిన ఈ శక్తి ఫోటాన్లలో నూటికి సుమారు ఒకటి మాత్రమే కేయాన్-లాంబ్డా జంటగా మారుతుంది. అయినా ఈ పద్ధతిని ఎంచుకోవడానికి బలమైన కారణం ఉంది. పయాన్ స్వయంగా క్వార్కుల ముద్ద. అది ప్రోటాన్‌ను ఢీకొడితే తెలియని వస్తువుతో తెలియని వస్తువును కొట్టినట్టే. ఎలక్ట్రాన్, ఫోటాన్‌ల ప్రవర్తన మాత్రం దశాంశ బిందువు తర్వాత ఎన్నో అంకెల వరకూ లెక్క తెలిసినది. వాటి వైపు నుంచి సందేహం ఉండదు కాబట్టి మిగిలిన తెలియనితనమంతా ప్రోటాన్‌దే, వింత కణానిదే. ఈ శాఖ ప్రాణమంతా ఆ శుభ్రతలోనే ఉంది.

ఆ శుభ్రత ఎలా సాధిస్తారో వర్జీనియా రాష్ట్రం న్యూపోర్ట్ న్యూస్‌లోని జెఫర్సన్ ల్యాబ్‌లో చూడవచ్చు. అక్కడ సీబాఫ్ అనే ఎలక్ట్రాన్ యాక్సెలరేటర్ భూమి లోపల, పరుగు పందెం ట్రాక్ ఆకారపు సొరంగంలో ఉంది. దాని నియోబియం లోహపు గుల్లలను ద్రవ హీలియంతో మైనస్ 271 డిగ్రీల దాకా చల్లబరిస్తే వాటిలో విద్యుత్ నిరోధం దాదాపు మాయమవుతుంది. 1990ల నడిమిలో 4 గిగా ఎలక్ట్రాన్ వోల్టులతో మొదలైన ఈ యంత్రం తర్వాత 6కు, 2017లో పూర్తయిన విస్తరణతో 12కు చేరింది.

ఈ ఎలక్ట్రాన్లను పలచటి బంగారు రేకు గుండా పంపితే కొన్ని దారి మళ్ళి, తమ శక్తిలో కొంత ఫోటాన్‌గా వదిలేస్తాయి. ఫోటాన్ శక్తిని నేరుగా కొలిస్తే అది అక్కడే ఆగిపోతుంది, ప్రయోగానికి పనికిరాదు. అందుకని ఎలక్ట్రాన్‌ను కొలుస్తారు. పాశమైలారం, పటాన్‌చెరు ఫ్యాక్టరీలకు సరుకు తెచ్చే లారీని ధరమ్ కాంటా మీద లోడుతో ఒకసారి, ఖాళీ చేశాక మరోసారి తూచి, తేడాను సరుకు బరువుగా రాసుకుంటారు. ఇక్కడా అదే లెక్క. 4 గిగా ఎలక్ట్రాన్ వోల్టులతో వెళ్ళిన ఎలక్ట్రాన్ 2.6తో తిరిగొస్తే, ఫోటాన్ 1.4 తీసుకెళ్ళిందన్నమాట. ఫోటాన్‌కు ఇలా చీటీ కట్టడాన్ని ట్యాగింగ్ అంటారు. జెఫర్సన్ ల్యాబ్‌లో క్లాస్ అనే డిటెక్టరు పని చేసిన రోజుల్లో ఒక పెద్ద అయస్కాంతం అలసిన ఎలక్ట్రాన్లను వంచి, 384 కౌంటర్ల వరుస మీదికి తోసేది. ఎలక్ట్రాన్ ఏ కౌంటరును తాకిందో చూస్తే దాని శక్తి వెయ్యిలో ఒక వంతు తేడాతో తెలిసిపోయేది.

జపాన్‌లోని స్ప్రింగ్-8లో దారి వేరు. 8 గిగా ఎలక్ట్రాన్ వోల్టులతో తిరిగే ఎలక్ట్రాన్లకు ఎదురుగా అతినీలలోహిత లేజర్ కాంతిని పంపుతారు. లేజర్ ఫోటాన్ ఎలక్ట్రాన్‌ను తాకి వెనక్కి తిరిగేసరికి దాని శక్తి కొన్ని ఎలక్ట్రాన్ వోల్టుల నుంచి 2.4 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల దాకా పెరుగుతుంది. లేజర్ కాంతి ధ్రువణం చాలావరకు అలాగే నిలుస్తుంది, అది ఈ పద్ధతికి పెద్ద లాభం. అసలు ఫోటాన్ పుంజమే లేకుండా ఎలక్ట్రాన్లతో నేరుగా కొట్టవచ్చు కూడా. ఎలక్ట్రాన్ ప్రోటాన్ పక్కగా వెళుతూ క్షణకాలపు మిథ్యా ఫోటాన్‌ను విసురుతుంది. వంగి వచ్చిన ఎలక్ట్రాన్ కోణాన్ని మార్చి కొలుస్తూ పోతే, ఆ ఫోటాన్ ఎంత సూక్ష్మంగా లోపలికి చూసిందో ఎంచుకోవచ్చు.

ఇక పుట్టిన కేయాన్‌ను పట్టుకోవాలి. ప్రతి కేయాన్ వెంట పయాన్లు గుంపులుగా వస్తాయి, రెండింటి ఆవేశం ఒకటే. తేడా బరువులో ఉంది కాబట్టి వేగంలో పట్టుబడుతుంది. అయిదు మీటర్ల దారిలో ఒకే ద్రవ్యవేగంతో, అంటే 1 గిగా ఎలక్ట్రాన్ వోల్టు స్థాయిలో, బయలుదేరిన పయాన్ కన్నా కేయాన్ రెండు నానోసెకన్ల లోపే వెనకబడుతుంది. గడియారాలు అంత చురుగ్గా ఉండాలి. దూరం పెంచితే తేడా పెరుగుతుంది కానీ, కేయాన్ సగటు ఆయుష్షు 12 నానోసెకన్లే, దారి మధ్యలోనే చాలా కేయాన్లు విచ్ఛిన్నమైపోతాయి. పొడుగు స్పెక్ట్రోమీటర్లు కట్టిన ప్రతివారినీ ఈ చిక్కు ఇబ్బంది పెట్టింది.

కేయాన్ దొరికాక లాంబ్డాను చూడకుండానే కనిపెట్టవచ్చు. లోపలికి వెళ్ళిన శక్తి, ద్రవ్యవేగాల నుంచి కేయాన్ వాటా తీసేస్తే మిగిలేది కనిపించని కణం ద్రవ్యరాశి. గ్రాఫు గీస్తే 1116 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర లాంబ్డా, 1193 దగ్గర దాని చుట్టం సిగ్మా విడివిడి శిఖరాలుగా లేస్తాయి.

లాంబ్డాకు మరో అరుదైన గుణం ఉంది. తన స్పిన్ ఎటు చూస్తోందో చనిపోతూ చెబుతుంది. అది ప్రోటాన్, పయాన్‌లుగా విడిపోయేటప్పుడు ప్రోటాన్ స్పిన్ దిక్కుకే ఎక్కువ మొగ్గు చూపుతుంది. ఆ మొగ్గును కొలిచే సంఖ్య 1970ల నుంచి 0.642గా పుస్తకాల్లో స్థిరపడింది. స్పిన్ పూర్తిగా ఒకవైపు ఉన్న వంద లాంబ్డాలలో దాదాపు 66 ప్రోటాన్లు అటు వైపు వస్తాయని దానర్థం. 2019లో బీజింగ్‌లోని బెస్-3 ప్రయోగం ఎలక్ట్రాన్‌ను దాని ప్రతికణం పాజిట్రాన్‌తో ఢీకొట్టి లాంబ్డా, ప్రతి లాంబ్డా జంటలను లక్షల్లో పరిశీలించి ఆ సంఖ్య 0.750 అని తేల్చింది. అంటే వందకు 66 కాదు, దాదాపు 69. జెఫర్సన్ ల్యాబ్ పాత ఫోటాన్ డేటాను అదే ఏడాది మళ్ళీ లెక్కించినవారికి 0.721 వచ్చింది. రెండూ అచ్చంగా కలవకపోయినా పాత సంఖ్య తప్పని మాత్రం తేలిపోయింది. దాన్ని నమ్మి నాలుగు దశాబ్దాలకు పైగా కొలిచిన ధ్రువణాలన్నీ సవరించాల్సి వచ్చింది. ఒక ప్రాథమిక సంఖ్య ఇంతకాలం 17 శాతం తప్పుగా ఉండిపోవడం ఈ రంగంలో అందరూ గుర్తుంచుకోవాల్సిన సంగతి.

ఎలక్ట్రాన్, పాజిట్రాన్ ఢీకొనే పద్ధతిలో లక్ష్యంగా ప్రోటాన్ ఉండదు. రెండూ నశించి వాటి శక్తి మొత్తం కొత్త క్వార్కు జంటగా మారుతుంది. కంది సంబంధం ఇక్కడే. ముంబై హైవే మీద పటాన్‌చెరు దాటి సంగారెడ్డి వెళ్ళే దారిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్ 2008లో ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం ఆవరణలో మొదలై తర్వాత కందికి మారింది. ప్రాంగణ నిర్మాణానికి జపాన్ సాయం చేసింది. ఇక్కడి భౌతిక శాస్త్ర విభాగం జపాన్‌లోని సుకుబాలో జరిగిన బెల్, ఇప్పుడు జరుగుతున్న బెల్-2 ప్రయోగాల్లో భాగస్వామి. అక్కడి సూపర్‌కెక్‌బీ అనే యంత్రం 7 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల ఎలక్ట్రాన్లను, 4 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల పాజిట్రాన్లను ఢీకొట్టి బీ మీసాన్ అనే కణాల జంటలను పుట్టిస్తుంది. అందులో తొలి తాకిళ్ళు 2018 ఏప్రిల్‌లో జరిగాయి. అంతకు ముందు బెల్ ప్రయోగం 77 కోట్లకు పైగా బీ జంటలను పోగుచేసింది.

అక్కడ వింత కణాలు గుర్తింపు ముద్రల్లా పనిచేస్తాయి. ఐఐటీ హైదరాబాద్ ఆచార్యులు అంజన్ గిరి, మరో ముగ్గురు శాస్త్రజ్ఞులు యువల్ గ్రాస్‌మన్, అబ్నర్ సోఫర్, యూరే జుపాన్‌లతో కలిసి, ఈ సంస్థ పుట్టకముందే, 2003లో ప్రచురించిన పద్ధతి ఇందుకు మంచి ఉదాహరణ. బీ మీసాన్ ఒక కేయాన్‌గా, ఒక డీ మీసాన్‌గా మారుతుంది. ఆ డీ మళ్ళీ పొట్టి ఆయుష్షు కేయాన్‌గా, రెండు పయాన్లుగా విడిపోతుంది. ఈ పొట్టి కేయాన్ కొద్ది సెంటీమీటర్లు నడిచి రెండు పయాన్లుగా చీలి, డిటెక్టర్‌లో ఇంగ్లిష్ వి అక్షరం ఆకారం గీస్తుంది. మూడు కణాల మధ్య శక్తి ఎలా పంపకమైందో బీకి, ప్రతి బీకి పోల్చి చూస్తే పదార్థానికీ ప్రతిపదార్థానికీ ఉన్న తేడాను కొలిచే గామా అనే కోణం బయటపడుతుంది. నలుగురి పేర్ల మొదటి అక్షరాలతో ఈ పద్ధతికి జీజీఎస్‌జెడ్ అని పేరు. గామాను కొలిచే ప్రధాన మార్గాల్లో ఇది ఒకటి. ఇదే బెల్ డేటాలో 2018లో మూడు స్ట్రేంజ్ క్వార్కులున్న ఒమేగా కణం ఉత్తేజిత రూపం ఒకటి దొరికింది.

ఫోటాన్ పుంజాలు ఒకసారి ఈ రంగాన్ని తప్పుదారి పట్టించాయి కూడా. 2003లో స్ప్రింగ్-8 బృందం 1540 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర అయిదు క్వార్కుల కణం, థీటా ప్లస్, కనిపించిందని ప్రకటించింది. ఏడాది తిరిగేలోగా పలు ప్రయోగశాలలు మేమూ చూశామన్నాయి. క్లాస్ బృందం కూడా చూశామంది. అయితే ఆ బృందమే మరెన్నో రెట్లు ఎక్కువ డేటాతో ప్రయోగాన్ని మళ్ళీ చేసి, 2005 నుంచి ఆ శిఖరం కనిపించడం లేదని వరుసగా ప్రచురించింది. తమ మాటను తామే పరీక్షించుకుని వెనక్కి తీసుకున్న ఆ పని, ఏ ఆవిష్కరణకూ తీసిపోని గౌరవానికి అర్హమైంది. అదే డేటా మరోవైపు ఫలించింది. పయాన్ ప్రయోగాల్లో సరిగా పట్టుబడని ప్రోటాన్ ఉత్తేజిత స్థితులు కొన్ని, ముఖ్యంగా 1900 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరిది, కేయాన్-లాంబ్డా కొలతల వల్లే గట్టిపడ్డాయి.

కేంద్రక భౌతిక శాస్త్రానికి వీటన్నిటికన్నా దగ్గరి విషయం హైపర్ కేంద్రకాలు. లాంబ్డాను కేంద్రకం లోపలే పుట్టిస్తే అది అక్కడే ఇరుక్కుని కొద్దికాలం కాపురం చేస్తుంది. తొలి హైపర్ కేంద్రకాన్ని 1952లో వార్సాలో మరియన్ దానిష్, యెర్జీ ప్నియెవ్స్కీ కాస్మిక్ కిరణాలు తాకిన ఫోటో ఎమల్షన్‌లో గుర్తించారు. కేంద్రకంలో ప్రోటాన్ మరో ప్రోటాన్ గదిలోకి, న్యూట్రాన్ మరో న్యూట్రాన్ గదిలోకి చొరబడలేదు. లాంబ్డాకు ఆ నిషేధం వర్తించదు, నేరుగా అట్టడుగు స్థాయిలోకి దిగుతుంది. కాబట్టి కేంద్రకం లోతుల్ని తడిమి చూడడానికి అదొక మంచి సాధనం.

పయాన్ పుంజం న్యూట్రాన్‌ను లాంబ్డాగా మారుస్తుంది. ఎలక్ట్రాన్ పుంజం ప్రోటాన్‌ను మారుస్తుంది, అందుకే కార్బన్-12 నుంచి లాంబ్డా ఉన్న బోరాన్-12 వస్తుంది. 2000లో జెఫర్సన్ ల్యాబ్ హాల్-సి లో ఈ పద్ధతితో తొలి వర్ణపటం తీశారు. అందులో ఒక మెగా ఎలక్ట్రాన్ వోల్టు లోపు తేడా ఉన్న స్థాయిలు కూడా విడిగా కనిపించాయి. తర్వాత హాల్-ఎ లో అది 0.67 దాకా మెరుగుపడింది. జపాన్ తోహోకు విశ్వవిద్యాలయం ముందుండి తయారుచేసిన కేయాన్ స్పెక్ట్రోమీటరు 2005 నుంచి బాగా అక్కరకు వచ్చింది. జర్మనీలోని మైంజ్‌లో మామి యంత్రం దగ్గర మరో ఉపాయం పన్నారు. లాంబ్డా చేరిన హైడ్రోజన్-4 విచ్ఛిన్నమైనప్పుడు వెలువడే పయాన్‌ను కొలిచి, లాంబ్డా ఎంత గట్టిగా అతుక్కుని ఉందో 2015లో 2.12 మెగా ఎలక్ట్రాన్ వోల్టులుగా చెప్పారు.

ఈ కొలతలకు న్యూట్రాన్ నక్షత్రాలతో సంబంధం ఉంది. వాటి గర్భంలో ఒత్తిడి ఎంత ఎక్కువంటే న్యూట్రాన్లు లాంబ్డాలుగా మారడమే శక్తి పరంగా లాభం. అలా మారితే నక్షత్రం మెత్తబడాలి, ఎక్కువ బరువు మోయలేక కూలిపోవాలి. కానీ సూర్యుడికి దాదాపు రెండు రెట్ల బరువున్న న్యూట్రాన్ నక్షత్రం 2010లో కచ్చితంగా లెక్కతేలింది. ఒక లాంబ్డా, రెండు న్యూక్లియాన్లు (ప్రోటాన్లు లేదా న్యూట్రాన్లు) ఒకేచోట చేరినప్పుడు వాటి మధ్య అదనపు వికర్షణ ఉందనేది ఇందుకు ఒక జవాబు. దాన్ని పరీక్షించడానికి కాల్షియం-40, కాల్షియం-48 లక్ష్యాల మీద ఎలక్ట్రాన్ పుంజంతో హైపర్ కేంద్రకాలను తయారుచేసే ప్రయోగానికి జెఫర్సన్ ల్యాబ్‌లో ఆమోదం లభించింది. రెండు లక్ష్యాలలోనూ ప్రోటాన్లు ఇరవయ్యే, న్యూట్రాన్లలో తేడా ఎనిమిది. లాంబ్డా అతుక్కునే శక్తి ఆ ఎనిమిది న్యూట్రాన్లకు ఎంత మారుతుందో అందులో కొలుస్తారు. సీసం-208 మీద కూడా ఇదే కొలతకు మరో ప్రయోగం ఆమోదం పొందింది.